టూ-వీల్ డ్రైవ్ పికప్‌లో వెనక డిఫ్ లాక్: ఎప్పుడు వెయ్యాలి, ఎక్కడ వెయ్యకూడదు?

డాలస్_దక్షిణం:
అందరికీ నమస్కారం. బండి 2018 ఫోర్డ్ ఎఫ్-150 పికప్, టూ-వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ తిప్పేది వెనక చక్రాలనే. డోరు దగ్గర స్టిక్కర్ మీద యాక్సిల్ (ఇరుసు) కోడ్ ఎల్9 అని ఉంది, అంటే 3.55 గేర్ రేషియో, ఎలక్ట్రానిక్ లాకర్ (స్విచ్ నొక్కితే వెనక రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా డిఫ్‌ని బిగించేది) ఉన్నదే. టెక్సస్‌లో డాలస్‌కి దక్షిణాన ఎల్లిస్ కౌంటీలో పొలం, గేటు నుంచి షెడ్డు దాకా మట్టిబాట. వాన పడితే వెనక ఒక్క చక్రమే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. స్విచ్ సరిగ్గా ఎప్పుడు నొక్కాలి? వానలో హైవే మీద కూడా వేసుకుంటే పట్టు పెరుగుతుందా? బోటు ర్యాంపు మీద వాడొచ్చా? ఇంకోటి, కొన్నిసార్లు డాష్ మీద లాక్ గుర్తు మిణుకుతూనే ఉంటుంది, నిలబడదు. పాడైందంటారా?

గేర్_ఆయిల్:
ముందు హైవే సంగతి: వద్దండీ. తారు రోడ్డు మీద, పొడిదైనా తడిదైనా, లాక్ పనికిరాదు. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. రెండు చక్రాలనీ అలా వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేదే డిఫరెన్షియల్ (డిఫ్). మీ బండి వెనక చక్రాల మధ్య దూరం దాదాపు 1.7 మీటర్లు. ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం లోపలిదానికన్నా 10 మీటర్ల పైన ఎక్కువ నడుస్తుంది. లాక్ పడి ఉంటే ఆ తేడా అంతా టైరు రోడ్డును ఈడ్చుకుంటూ తీరాలి. పొడి రోడ్డు మీదైతే టైర్లు అరుగుతాయి, యాక్సిల్ షాఫ్టులు మెలిపడతాయి. తడి రోడ్డు మీదైతే రెండు చక్రాలూ ఒకేసారి పట్టు వదిలేసి బండి వెనక భాగం పక్కకి కొట్టేస్తుంది.

గంటకు సుమారు 25 మైళ్ళు దాటితే ఫోర్డ్ లాకర్ తనంతట తానే విడిపోతుంది. వేగం తగ్గితే మళ్ళీ తనే పడుతుంది, మీరు స్విచ్ ఆపకపోతే. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. బురదబాట దాటి రోడ్డెక్కి, లాక్ విడిపోయిందిలే అనుకుంటారు. స్టాప్ సైన్ దగ్గర నెమ్మదించి కుడివైపు తిప్పగానే వెనక టైర్లు కీచుమంటాయి. అందుకని గట్టి నేల తగలగానే స్విచ్ చేత్తో ఆపండి.

వేసే పద్ధతి: దిగబడ్డాక కాదు, బురద మొదలయ్యే చోటికి ముందే. బండి పూర్తిగా ఆపండి, లేదా నడక వేగానికి తెండి. స్టీరింగ్ తిన్నగా ఉంచి, కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీసి స్విచ్ నొక్కండి. గుర్తు మిణుకుతుంది. బ్రేక్ వదిలి బండిని రెండు మూడు అడుగులు పాకనివ్వండి. గుర్తు నిలకడగా వెలిగితే లాక్ పడినట్టు. తర్వాత తక్కువ గేరులో, కాలు ఒకే రీతిలో ఉంచి, ఆగకుండా దాటాలి. చక్రం గిరగిరా తిరుగుతుండగా మాత్రం ఎప్పుడూ నొక్కొద్దు. తిరుగుతున్న భాగం, నిలబడ్డ భాగం ఒక్కసారిగా కలిస్తే లాక్ అయ్యే పళ్ళో పిన్నులో విరుగుతాయి. ఆ ఇనుప ముక్కలు డిఫ్ లోపలి పెద్ద పళ్ళచక్రం (క్రౌన్), దాన్ని తిప్పే చిన్న పళ్ళచక్రం (పినియన్) మధ్యకి వెళ్తే మొత్తం హౌసింగ్ విప్పాల్సిందే.

నల్లరేగడి_నాని:
ఎల్లిస్ కౌంటీ అన్నారు కాబట్టి ఒక మాట. అక్కడ ఎక్కువగా ఉండేది హ్యూస్టన్ బ్లాక్ అనే బంకమట్టి. మన నల్లరేగడి ఏ జాతి నేలో అదీ అదే: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. ఇందులో అసలు చిక్కు డిఫరెన్షియల్‌ది కాదు, టైరుది. కంపెనీ ఇచ్చిన హైవే టైర్లయితే నాలుగు చుట్లకే గాళ్ళన్నీ మట్టితో పూడిపోయి నున్నగా అవుతాయి. అప్పుడు లాక్ వేస్తే పట్టులేని చక్రాలు ఒకటికి రెండవుతాయి, అంతే. ఆల్-టెరెయిన్ కొంత నయం. మడ్ టైర్ల గాళ్ళు వెడల్పు కాబట్టి మట్టిని విసిరేసుకుంటాయి.

ఇంకా ముఖ్యం, ఏటవాలు. బాట ఒక పక్కకి వాలి ఉంటే లాక్ వెయ్యటం ప్రమాదం. లాక్ లేనప్పుడు ఒక చక్రం తిరుగుతున్నా రెండోది నిలబడి బండి తోకను పట్టుకుని ఉంచుతుంది. లాక్ వేస్తే రెండూ తిరుగుతాయి, పక్కకి ఆపేది ఏదీ ఉండదు, తోక పల్లం వైపు జారి కందకంలోకి పోతుంది. ఫోర్-వీల్ డ్రైవ్ అయితే ముందు చక్రాలు లాగి కాస్త సరిచేస్తాయి, మీకు ఆ అవకాశం లేదు. పైగా వెనక రెండు చక్రాలూ సమానంగా తోస్తుంటే స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగానే పోతుంది. టూ-వీల్ డ్రైవ్‌లో లాకర్ ఉన్నది తిన్నగా ఉన్న నేల మీద బండిని కదిలించటానికే. దాన్ని నమ్ముకుని లోపలికి పోకూడదు.

ఖాళీ పికప్‌లో వెనక చక్రాల మీద బరువు తక్కువ. 60 పౌండ్ల ఇసుక సంచులు నాలుగైదు, యాక్సిల్‌కి సరిగ్గా పైన గానీ కొంచెం ముందుకి గానీ కట్టండి. టెయిల్‌గేట్ దగ్గర పెడితే ముక్కు తేలి స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. పేలోడ్ (బండి మోయగల బరువు) లెక్కలో ఆ 240, 300 పౌండ్లు తీసెయ్యటం మరవొద్దు.

టైరు గాలి: ఇసుకలో 35 నుంచి 18, 20 పీఎస్ఐకి దించితే లాకర్ కన్నా ఎక్కువ మేలు. బంకమట్టిలో దానివల్ల అంత ఫలితం రాదు. దించితే కంప్రెసర్ బండిలో ఉండాలి, రోడ్డెక్కే ముందు మళ్ళీ కొట్టాలి. టెక్సస్ తీరంలోని పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్ వెళ్ళే ఉద్దేశం ఉంటే, సౌత్ బీచ్ మీద మామూలు బళ్ళు పోగలిగేది మొదటి 5 మైళ్ళే. ఆపైన ఫోర్-వీల్ డ్రైవ్ ఉండాలి, లాకర్ ఉంది కదా అంటే కుదరదు.

గేర్_ఆయిల్:
నాని గారు ఏటవాలు గురించి చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. అదే లెక్కన బోటు ర్యాంపు లాకర్‌కి బాగా సరిపోయే చోటు: తిన్నటి ఎక్కుడు, మలుపు లేదు, వెనక చక్రాలు పాచి మీద ఉంటాయి, హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద ట్రైలర్ బరువు కూడా పడుతుంది. బోటు ఎక్కించి బండి ఆగి ఉండగానే లాక్ వెయ్యండి, నెమ్మదిగా లాగండి, పైకి రాగానే తీసెయ్యండి.

ఒకటే జాగ్రత్త. హైవే మీద నుంచి వచ్చిన వేడి యాక్సిల్‌ని వెంటనే చల్లటి నీళ్ళలో ముంచితే లోపలి గాలి కుంచించుకుని సీళ్ళలోంచి నీళ్ళు లాక్కుంటుంది. బ్రీదర్ ట్యూబ్ (యాక్సిల్‌లోకి గాలి వచ్చిపోయే గొట్టం) మూసుకుపోయి ఉంటే ఇంకా ఎక్కువ. పది, పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి. యాక్సిల్‌లో ఆయిల్ పోసే చోటి బిరడా (ఫిల్ ప్లగ్) విప్పి చూసినప్పుడు ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే వెంటనే మార్చాలి.

హ్యూస్టన్_పికప్:
నాది షెవర్లే సిల్వరాడో పికప్, స్టిక్కర్ మీద జీ80 కోడ్. స్విచ్చే లేదు. దానికీ ఇవే నియమాలా అన్నా?

గేర్_ఆయిల్:
కాదు, అది మెకానికల్. ఈటన్ వాళ్ళది. రెండు వెనక చక్రాల వేగంలో దాదాపు 100 ఆర్‌పీఎం తేడా వస్తే లోపల గవర్నర్ బరువులు విచ్చుకుని లాక్ చేస్తాయి. 20 మైళ్ళ వేగం దాటితే పడనివ్వకుండా ఆపేదీ అందులోనే ఉంది. అంటే ఒక చక్రం కాస్త తిరగాలి, అప్పుడే పడుతుంది. తిరగ్గానే కాలు తీసేస్తే ఎప్పటికీ పడదు. అలాగని ఫుల్లుగా రేజ్ చేస్తే దభీమని పడి లోపలి భాగాలు పగులుతాయి. మెల్లగా, కానీ నిలకడగా తొక్కాలి. చిన్న దెబ్బలాంటి శబ్దం వస్తుంది, అది మామూలే.

ఆయిల్ మార్చేటప్పుడు జీ80కి లిమిటెడ్ స్లిప్ ఎడిటివ్ (వేరే రకం డిఫ్‌ల ఆయిల్‌లో కలిపే మందు) కలపొద్దు, లాక్ పడటమే మందగిస్తుంది. జాకీ మీద చక్రాన్ని చేత్తో తిప్పి పరీక్షిస్తే ఓపెన్ డిఫ్ (లాకర్ లేని డిఫ్) లాగే రెండోది ఎదురు తిరుగుతుంది. అది చూసి పాడైందనుకోవద్దు, చేత్తో 100 ఆర్‌పీఎం రాదు. లాకర్ ఏ రకమైనా, ఒక్క వెనక చక్రాన్ని లేపి ఇంజిన్ గేర్‌లో పెట్టొద్దు. నేల మీదున్న చక్రం పట్టుకుని బండి జాకీ మీంచి దూకుతుంది.

డాలస్_దక్షిణం:
థాంక్సండీ. గుర్తు మిణకటం సంగతి కూడా చెప్పండి.

వైరింగ్_వాసు:
మిణుకుతోందంటే కరెంట్ వెళ్ళింది గానీ పళ్ళు ఎదురెదురుగా వచ్చి కూర్చోలేదని. కంకర మీద స్టీరింగ్ కొంచెం ఎడమకీ కుడికీ తిప్పుతూ ఐదారు అడుగులు నడపండి. సాధారణంగా పడుతుంది. మీ వేగం పరిమితి కన్నా ఎక్కువున్నా మిణుకుతుంది.

అలా నడిపినా అస్సలు పడకపోతే ముందు ఫ్యూజు. తర్వాత యాక్సిల్ హౌసింగ్ మీదికి వచ్చే వైరు, కనెక్టరు: కంప తగిలి తెగటం, నీళ్ళు చేరి పచ్చగా తుప్పు పట్టటం ఎక్కువ. కనెక్టర్ విప్పి మల్టీమీటర్‌తో కాయిల్ (లాక్‌ని పడేలా చేసే తీగచుట్ట) చూడండి, ఓపెన్ సర్క్యూట్ వస్తే కాయిల్ పోయినట్టే, దానికి డిఫ్ తెరవాలి. అవన్నీ బాగుంటే చాన్నాళ్ళు వాడకపోవటంతో లోపల బిగుసుకుపోయి ఉండొచ్చు. నెలకోసారి కంకర మీద వేసి తీస్తే ఆ తంటా రాదు.

వరంగల్_బొలెరో:
మా బొలెరో పికప్ పత్తి లోడుతో చేలోంచి వస్తుంది. ఇలాంటి లాకర్ బయట బిగించుకోవచ్చా అన్నా?

నల్లరేగడి_నాని:
మీ యాక్సిల్ షాఫ్టు చివరి గాళ్ళ (స్ప్లైన్ల) లెక్క, క్రౌన్ కొలత సరిపోయే లాకర్ దొరికితేనే, తమ్ముడూ. "ఏదో ఒకటి పట్టిద్దాం" అనే మెకానిక్ మాట వినొద్దు. మహీంద్రాలోనే బొలెరో నియో ఎన్10 ఆప్షన్‌కి వెనక చక్రాల డ్రైవ్‌తోనే మెకానికల్ లాకర్ ఇచ్చారు, కానీ అది వేరే బండి, దాని యాక్సిల్ మీదానికి పడుతుందని అనుకోవద్దు. లోడు ఉన్నప్పుడు వెనక బరువు ఎలాగూ ఉంటుంది. డబ్బు ముందు వెనక లగ్ టైర్ల (లోతు గాళ్ళ టైర్ల) మీద పెట్టండి, ఒక పార, రెండు చెక్క పలకలు బండిలో ఉంచండి. ఇరుసు నేలకి ఆనిందంటే లాకర్ ఉన్నా ఇంకా లోతుకే తవ్వుకుంటుంది. అప్పుడు చక్రాల ముందు మట్టి తీసి, పలకలు పెట్టి, వచ్చిన గాడిలోనే వెనక్కి తియ్యాలి. చేలో ట్రాక్టర్ ఉంటే దాన్నే పిలవండి. దాని డిఫ్ లాక్ పెడల్ కూడా తిన్నగా లాగేటప్పుడే తొక్కాలి, మలుపులో కాదు.