లిఫ్ట్ కోసం కారిడార్ స్లాబ్ కోయొచ్చా? భూకంపానికీ స్లాబ్‌కీ సంబంధం ఏమిటి?

మూడో_అంతస్తు (సత్యనారాయణపురం):
మాది విజయవాడ సత్యనారాయణపురంలో 1994లో కట్టిన అపార్ట్‌మెంట్. కింద పార్కింగ్, పైన మూడంతస్తులు, మొత్తం 12 ఫ్లాట్లు. లిఫ్ట్ లేదు. మా అమ్మకి 76 ఏళ్లు. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక ఈ ఏడాదిన్నరలో ఆవిడ కిందికి దిగింది మూడుసార్లు, మూడుసార్లూ హాస్పిటల్‌కే. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేనూ వాచ్‌మనూ మోసుకెళ్లాం. ఇన్నాళ్లకి మీటింగ్‌లో లిఫ్ట్‌కి చాలామంది ఒప్పుకున్నారు. మెట్ల పక్కన కారిడార్‌లో ప్రతి ఫ్లోర్‌కీ 5 అడుగులకి 5 అడుగులు స్లాబ్ కోస్తే సరిపోతుందని లిఫ్ట్ వాళ్లు చూసి చెప్పారు. ఇంతలో ఒక ఓనర్ ఎవరో ఇంజనీర్‌ని తీసుకొచ్చాడు. ఆయన "భూకంపం వస్తే ఇబ్బంది, కోయకండి" అని ఒక్క ముక్క రాసిచ్చి వెళ్లిపోయాడు. భూకంపానికి చూసేది పిల్లర్లు, బీములు కదా? మేం పిల్లర్ ముట్టుకోవడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

సెంట్రింగ్_30ఏళ్లు:
ఏమీ కాదండి. పిల్లర్, బీమ్ జోలికి వెళ్లకుండా కోసుకోండి, చుట్టూ చిన్న బీమ్ కట్టించండి. పాత అపార్ట్‌మెంట్లలో ఇలాంటివి నా చేత్తో నాలుగు చేశాను, అన్నీ బాగానే ఉన్నాయి. స్లాబ్ అనేది మనుషులు నడవడానికి, సామాను పెట్టుకోవడానికి.

కృష్ణలంక_కుర్రాడు:
మనకి భూకంపాలు ఎక్కడివి అన్నా, కోసెయ్యండి.

లక్ష్మి_భవానీపురం:
ఎక్కడివి అంటారేంటి బాబూ. 2024 డిసెంబర్ 4న పొద్దున్నే ఏడున్నరకి ములుగు దగ్గర 5.3 వస్తే ఇక్కడ మా వంటగదిలో గరిటెలు ఊగాయి. బిందెలో నీళ్లు అంచు దాకా తొణికాయి. పాలగిన్నె పొయ్యి మీద అలాగే వదిలేసి పిల్లాణ్ణి చంకనేసుకుని నాలుగంతస్తులు దిగాను.

స్ట్రక్చర్_గుంటూరు:
నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని, బ్రాడీపేటలో ఉంటాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

భూకంపంలో బిల్డింగ్ మీద పడే బలం ఎక్కడి నుంచో వచ్చి గుద్దేది కాదు, బిల్డింగ్ సొంత బరువు నుంచే పుడుతుంది. బరువు ఎక్కడుంటే బలం అక్కడ. మన బిల్డింగుల్లో బరువులో పెద్ద వాటా ఫ్లోర్లలోనే ఉంటుంది. 5 అంగుళాల స్లాబ్ చదరపు అడుగుకి దాదాపు 29 కిలోలు. మీది ఫ్లోర్‌కి నాలుగు ఫ్లాట్లు, సుమారు 3,400 చదరపు అడుగులు అనుకుంటే స్లాబ్ ఒక్కటే 100 టన్నుల దాకా వస్తుంది. గోడలు, ఫ్లోరింగ్, మనుషులు, బీరువాలు దీనికి అదనం. నేల అడ్డంగా కదిలినప్పుడు ఈ బరువంతా ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఆ ఈడ్పుని పిల్లర్లకి పంచేది స్లాబే. దీన్నే డయాఫ్రమ్ అంటాం. నిలువు బరువు మోయడం ఒక పని, పిల్లర్లన్నిటినీ ఒకే పలకలా పట్టుకుని కలిపి కదిలించడం రెండో పని. మేస్త్రి గారు మొదటి పని మాత్రమే చెప్పారు.

నవారు మంచం పట్టె పట్టుకుని పక్కకి తోయండి, నాలుగు కోళ్లూ తలోవైపు ఒరుగుతాయి. అదే మంచానికి పైన చెక్క బిగించి తోయండి, తేడా తెలుస్తుంది.

ఇప్పుడు ఒక్కటే అడుగుతాను. మీ కారిడార్ వెడల్పు ఎంత? అటు రెండు ఫ్లాట్లు, ఇటు రెండు ఫ్లాట్లు, మధ్యలో మెట్లూ కారిడారూ, రెండు పక్కలా వెలుతురు కోసం వదిలిన ఖాళీ, ఇదేనా ప్లాన్? అలా అయితే రెండు సగాలనీ కలిపి ఉంచేది ఆ కారిడార్ స్లాబ్ ఒక్కటే. ఇంకో మాట, లిఫ్ట్ బయట పెట్టుకోవచ్చు కదా?

మూడో_అంతస్తు (సత్యనారాయణపురం):
ప్లాన్ మీరు చెప్పినట్టే ఉంది. కారిడార్ సుమారు 9 అడుగులు. కానీ సార్, ఐఎస్ 1893 (భూకంపాలకి తట్టుకునేలా కట్టడానికి మన దేశపు కోడ్, 2016ది) నేనూ వెతికి చదివాను. ఫ్లోర్‌లో 50 శాతం దాకా ఖాళీ ఉండొచ్చు అని ఉంది. నేను కోసేది 3,400లో 25 చదరపు అడుగులు, ఒక్క శాతం కూడా కాదు. కోడ్ ఒప్పుకున్నదాన్ని మీరెందుకు వద్దంటున్నారు?

స్ట్రక్చర్_గుంటూరు:
50 శాతం దాకా కోసుకోవచ్చని అందులో ఎక్కడా లేదండి. ఖాళీ 50 శాతం దాటితే ఆ ఫ్లోర్‌ని వంగే పలకగా లెక్కకట్టాలి, దాటకపోతే ఖాళీ ఎక్కడుంది, ఎంతుంది అన్నది బట్టి గట్టిదా వంగేదా తేల్చుకోవాలి అని ఉంది. "ఎక్కడుంది" అన్న మాట మీరు వదిలేశారు. ఇదే 25 అడుగులు మీ హాల్ మధ్యలో కోస్తే నేను ఇంత గొడవ చెయ్యను. ఇంట్లో పాత శుభలేఖ ఉంటే తీసుకోండి. మధ్యలో రెండు వైపుల నుంచీ కత్తిరించి రెండు వేళ్ల వెడల్పు వదలండి. రెండు చేతులతో రెండు సగాలూ పట్టుకుని ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి లాగండి. ఎక్కడ చిరిగిందో చూడండి. మీరు 9 అడుగుల్లో 5 తీసేస్తే మిగిలేది 4.

మూడో_అంతస్తు (సత్యనారాయణపురం):
స్లాబ్ కాగితం కాదు సార్. పైగా శాతం శాతమే.

సింగ్‌నగర్_వాసు:
మా వీధికి నీళ్లు రావని అందరూ చెప్పినవాళ్లే. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు మా ఇంట్లో నడుంలోతు నిలబడింది. ఫ్రిజ్ తేలింది. రాదు అనుకుని ఏ పనీ చెయ్యకండి, అంతే నేను చెప్పేది.

కృష్ణలంక_కుర్రాడు:
వరదకీ లిఫ్ట్‌కీ ఏం సంబంధం?

సెంట్రింగ్_30ఏళ్లు:
ఇంజనీర్ గారూ, శుభలేఖలు మాకెందుకు గానీ నా మాటొకటి వినండి. ఒక సైట్‌లో పిల్లర్ రింగుల కొస 135 డిగ్రీలు వంచలేదని ఒక ఇంజనీర్ స్లాబ్ ముందురోజు పని ఆపించాడు. డ్రాయింగ్‌లో 90 గీసిచ్చింది వాళ్ల ఆఫీసే. నా మనుషులు 14 మంది నాలుగు రోజులు ఖాళీగా కూర్చున్నారు, కూలి నా జేబులోంచి కట్టాను. అప్పట్నుంచి ఎవరైనా కోడ్ అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎండలో నిలబడేది మేం, పేరు మీది, తప్పు మాది.

స్ట్రక్చర్_గుంటూరు:
మీకు జరిగింది అన్యాయం, ఆ కూలి వాళ్లే ఇవ్వాలి. కానీ 135 డిగ్రీలు సరైనదే మేస్త్రి గారూ. 90 వంపు కొస కాంక్రీట్ పైపొర రాలగానే విచ్చుకుంటుంది, లోపలికి వంచినది పట్టుకునే ఉంటుంది.

మూడో_అంతస్తు గారూ, 2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో సీటీవీ బిల్డింగ్ కూలి 115 మంది చనిపోయారు. అంతా పడిపోయాక లిఫ్టూ మెట్లూ ఉన్న గట్టి కోర్ మాత్రం నిలబడి ఉంది. అక్కడ చాలా లోపాలు బయటపడ్డాయి. పిల్లర్లు బలహీనం, అది పెద్ద కారణం. దానితోపాటు ఫ్లోర్లని ఆ కోర్‌కి పట్టి ఉంచే బంధం చాల్లేదని కూడా విచారణలో తేలింది. కోర్ ఎంత గట్టిదైనా ఫ్లోర్ దాన్ని పట్టుకోకపోతే లాభం లేదు.

మీ బిల్డింగ్ కూలిపోతుందని నేను అనడం లేదు. ఆ 2016 కోడ్ మ్యాప్‌లో విజయవాడ జోన్ 3, అంటే ఓ మోస్తరు భూకంప ప్రమాదం ఉన్న చోటు, 1967లో ఒంగోలు దగ్గర 5.4 వచ్చింది, మన కింద కృష్ణా మెత్తటి మట్టి. 2001లో భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్ల అవతల అహ్మదాబాద్‌లో కింద ఖాళీ పార్కింగ్ వదిలి కట్టిన అపార్ట్‌మెంట్లు పడ్డాయి. మీదీ అలాంటిదే. ఉన్న బలహీనత చాలు, ఇంకోటి చేర్చకండి. లిఫ్ట్ బయట పెట్టండి.

మూడో_అంతస్తు (సత్యనారాయణపురం):
మీకేం సార్, ఒంగోలు, న్యూజిలాండ్ అంటారు. 1967 నుంచి ఇప్పటిదాకా మా వీధిలో ఒక్క గోడ పడలేదు. మా అమ్మ మోకాళ్లు రోజూ నొప్పే. భయపెట్టి రిపోర్టులు రాసి ఫీజులు తీసుకోవడం మీ వృత్తి అయిపోయింది.

స్ట్రక్చర్_గుంటూరు:
నేను మిమ్మల్ని రూపాయి అడిగానా? గంట నుంచి కూర్చుని టైప్ చేస్తున్నాను. గుంటూరులో ఒకాయనకి ఇలాగే చెప్పాను, వినకుండా కారిడార్‌లో కోయించాడు. ఆర్నెల్లకి రంధ్రం మూల నుంచి గోడ దాకా పగులు వచ్చింది. అప్పుడు రాత్రి పదింటికి ఫోన్ చేసి ఏం చెయ్యాలో చెప్పమన్నాడు. నాకు కోపం రాదా?

లక్ష్మి_భవానీపురం:
ఇద్దరూ కొంచెం ఆగండి. మూడో అంతస్తు గారూ, బయట పెట్టుకోవచ్చు కదా అని ఇంజనీర్ గారు రెండుసార్లు అడిగారు. మీరు ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు. ఎందుకు వద్దు?

మూడో_అంతస్తు (సత్యనారాయణపురం):
సరే చెబుతాను. మెట్ల లాండింగ్ పక్కన బయట పెట్టాలంటే ఉన్న చోటు ఒక్కటే, అది నా కారు పార్కింగ్. ఫ్లాట్ కొన్నప్పుడు దానికి విడిగా లక్షన్నర ఇచ్చాను, అప్పు చేసి. మీటింగ్‌లో అందరూ ఏమన్నారో తెలుసా? "మీ అమ్మగారి కోసమే కదా, మీ చోటు ఇవ్వండి." లిఫ్ట్ ఎక్కేది 12 ఇళ్లు. రెండో అంతస్తులో ఇద్దరు పెద్దవాళ్లున్నారు, పక్క ఫ్లాట్‌లో గర్భిణి ఉంది. రెండు కార్ల చోటు ఉన్నవాళ్లని ఒకటి మార్చుకుందాం అంటే ఒక్కరు నోరు విప్పలేదు. ఇంజనీర్‌ని తెచ్చినాయనకే రెండున్నాయి. స్లాబ్ కోస్తే ఎవరి చోటూ పోదు, అందుకని అటు వెళ్లాను. భూకంపం గురించి ఆలోచించలేదని కాదు, నాకు ఆ రోజు కోపం ఆగలేదు.

స్ట్రక్చర్_గుంటూరు:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇది స్లాబ్ గొడవ కాదు. మీ చోటుకి బదులు చోటు, లేదా 11 మంది కలిసి డబ్బు, రాతపూర్వకంగా అడగండి. మీరు అడగడం న్యాయమే.

సెంట్రింగ్_30ఏళ్లు:
అమ్మగారి సంగతి విన్నాక నా మనసు మారింది బాబూ. ఇంకో నిజం చెబుతాను. ఆ రోజుల్లో స్లాబ్ వేసేటప్పుడు తట్టలు మోసేవాళ్లు బీముల దగ్గర పైకి లేపి కట్టిన ఊచల మీదే నడిచేవాళ్లు, అవి అణిగి కిందికి పోయేవి. మళ్లీ ఎత్తి కట్టే టైమ్ ఎవరికీ ఉండేది కాదు. మేం చేసినవీ అంతే. సాయంత్రానికి పని అవ్వకపోతే ఎక్కడ ఆగితే అక్కడే ఆపేసేవాళ్లం, చాలాసార్లు ఆ అతుకు మెట్ల దగ్గరే పడేది. కాబట్టి మీ కారిడార్‌లో డ్రాయింగ్‌లో ఉన్న ఇనుము ఉన్నచోట ఉందని నమ్మి కోయకండి. నేను ముందు చెప్పింది వెనక్కి తీసుకుంటున్నాను.

బయట పెట్టినా ఒక జాగ్రత్త. లిఫ్ట్ గొయ్యి పాత పునాది పక్కనే లోతుగా తవ్వితే మట్టి జారుతుంది. తక్కువ గొయ్యి చాలే రకం అడగండి, వానాకాలం వద్దు.

స్ట్రక్చర్_గుంటూరు:
మేస్త్రి గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. స్టీల్ ఫ్రేమ్ వేసుకోండి, దాని పునాది దానికే, బిల్డింగ్‌కి తగలకుండా మధ్యలో సందు వదలాలి, ఊగినప్పుడు రెండూ గుద్దుకోకూడదు. ఎంత సందు అన్నది లెక్క చేసి చెప్పాలి. దిగడానికి లాండింగ్ దగ్గర పిట్టగోడ తెరిస్తే చాలు.

మూడో_అంతస్తు (సత్యనారాయణపురం):
ఇప్పుడే టేపు పట్టుకుని కిందికి వెళ్లొచ్చాను. గోడకీ ప్రహరీకీ మధ్య 7 అడుగుల 2 అంగుళాలు ఉంది. పైన సన్‌షేడ్ 2 అడుగులు బయటికి వచ్చింది. అది కొట్టొచ్చా?

స్ట్రక్చర్_గుంటూరు:
సన్‌షేడ్ కోసుకోవచ్చు, సుత్తితో కాదు, కట్టర్‌తో. ఆదివారం విజయవాడ వస్తున్నాను, వచ్చి చూస్తాను. ఫీజు మాట ఎత్తకండి. మేస్త్రి గారూ, మీరూ రాగలరా?

సెంట్రింగ్_30ఏళ్లు:
పది గంటలకి వస్తాను సార్. పాత డ్రాయింగ్ ఉంటే తీసి ఉంచమనండి.