జపాన్ సూపర్ ఫామికామ్ మన దగ్గర నడపాలంటే: అడాప్టర్, టీవీ, సేవ్ బ్యాటరీ సందేహాలు

మలక్‌పేట_మారియో అడిగిన ప్రశ్న:

నమస్తే అందరికీ. జపాన్ ఆక్షన్ సైట్ నుంచి ప్రాక్సీ (మన తరఫున అక్కడ కొని పంపేవాళ్లు) ద్వారా ఒక సూపర్ ఫామికామ్ (నింటెండో పాత వీడియో గేమ్ మెషీన్), దాంతో ఐదారు కాసెట్లు తెప్పిద్దామని ఉంది. డబ్బు కట్టేముందు ఇవి తేల్చుకోవాలి:

జపాన్ అడాప్టర్ మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టొచ్చా, లేక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలా?

ఇంట్లో రెండు టీవీలున్నాయి. ఒకటి 43 అంగుళాల ఎల్ఈడీ (ఏవీ జాక్ ఉంది), రెండోది 21 అంగుళాల పాత డబ్బా టీవీ. దేంట్లో ఆడితే బాగుంటుంది? డబ్బా టీవీలో జపాన్ మెషీన్లకి బొమ్మ నలుపు తెలుపులో వస్తుందని విన్నా, నిజమేనా?

ముప్పై ఏళ్ల కాసెట్లలో సేవ్ బ్యాటరీ (ఆట ఎక్కడిదాకా ఆడామో గుర్తుంచేది) బతికి ఉంటుందా? మనమే మార్చుకోవచ్చా?

చివరిగా, అటక మీద చిన్నప్పటి "9999 ఇన్ 1" కాసెట్ ఉంది. అది ఇందులో పడుతుందా?

కోఠి_సోల్డర్:

కరెంటు సంగతి ముందు చూద్దాం. మెషీన్ మొదటి రోజే పోయేది అక్కడే.

జపాన్ అడాప్టర్ (హెచ్‌వీసీ-002) 100 వోల్టులకి చేసింది. లోపల మామూలు ఇనుప కోర్ ట్రాన్స్‌ఫార్మర్. 230లో పెడితే రెండింతల పైన వోల్టేజీ పడి కోర్ సాచురేట్ అవుతుంది, వైండింగ్ మాడుతుంది. మన 50 హెర్ట్జ్‌తో మాత్రం గొడవ లేదు. జపాన్‌లోనే తూర్పు సగం 50, పడమర సగం 60.

అయితే స్టెప్‌డౌన్ కూడా దండగే. సూపర్ ఫామికామ్‌కి కావలసింది 10 వోల్టుల డీసీ, 850 మిల్లీ ఆంపియర్లు. లోపల 7805 రెగ్యులేటర్ దాన్ని 5 వోల్టులకి దించుతుంది కాబట్టి 9 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్ బ్రహ్మాండంగా సరిపోతుంది. పిన్ 5.5 × 2.1 మిల్లీమీటర్ల మామూలు బ్యారెల్.

మెలిక ఎక్కడంటే, మధ్య పిన్ నెగెటివ్. మన దగ్గర రౌటర్‌కీ, సెట్‌టాప్ బాక్సుకీ, సీసీటీవీకీ వచ్చేవన్నీ దాదాపు మధ్య పాజిటివ్. పిన్ చక్కగా దూరుతుంది, స్విచ్ వేయగానే మెషీన్ కాలిపోవచ్చు. మధ్య నెగెటివ్ సులభంగా దొరికేది గిటార్ షాపులో. గిటార్ పెడల్స్‌కి వాడే 9 వోల్టుల అడాప్టర్లు ఇదే పిన్, ఇదే పోలారిటీ. కానీ వాటిలో చాలావాటికి 500 మిల్లీ ఆంపియర్లే ఉంటుంది. లేబుల్ మీద 1 ఆంపియర్, ఆ పైన ఉన్నదే తీసుకోండి.

పెట్టేముందు మల్టీమీటర్ డీసీ 20 రేంజ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్ లోపలి గొట్టానికి, నల్లది బయటి అంచుకి ఆనించండి. తెర మీద మైనస్ 9 చూపిస్తే సరైనదే. ప్లస్ 9 వస్తే దూరం పెట్టండి.

గుజరాతీ గల్లీలో దొరికే బరువైన పాతరకం అడాప్టర్లు మీద 9 అని రాసున్నా లోడ్ లేనప్పుడు 12, 13 చూపిస్తాయి. రిపుల్ (డీసీలో మిగిలిపోయే ఎగుడుదిగుళ్లు) ఎక్కువ, ఆ రొద బొమ్మలోకి, సౌండ్‌లోకి దిగుతుంది. ఎస్ఎంపీఎస్ (తేలికైన కొత్తరకం) అడాప్టరే కొనండి. అందులోనూ మరీ చవకదైతే తెర మీద సన్నటి ఏటవాలు గీతలు కదులుతుంటాయి. అది మెషీన్ జబ్బు కాదు, అడాప్టర్ జబ్బు.

జగదాంబ_జంక్షన్:

రౌటర్ 12 వోల్టుల అడాప్టర్ వైరు కోసి, రెండు తీగలు తిరగేసి అతికితే చాలు కదా అన్నా? 7805కి 12 ఇస్తే ఏమీ కాదు.

కోఠి_సోల్డర్:

వెంటనే ఏమీ కాదు తమ్ముడూ, నిజమే. 10 ఇస్తే 5 వోల్టులు వేడిగా పోతాయి, 12 ఇస్తే 7. అంటే అదే కరెంటుకి 40 శాతం ఎక్కువ వేడి, అదీ మూసి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, మన మే నెలలో. 9 ఇస్తే పోయేది 4 మాత్రమే. అడాప్టర్ మార్చుకోవచ్చు, లోపలి చిప్పులు ఎక్కడ తెస్తాం?

ఎవరైనా ఇప్పటికే తప్పు అడాప్టర్ పెట్టి, లైటు వెలగట్లేదంటే ముందు బోర్డు మీద ఎఫ్1 అని ఉన్న చిన్న ఫ్యూజ్ కంటిన్యూటీ చూడండి. 1.5 ఆంపియర్లది. పోతే అదే విలువది వేయండి, రాగి తీగ ముక్క అతికించి సరిపెట్టొద్దు. మెషీన్ విప్పడానికి 4.5 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ (ఈ ప్రత్యేక స్క్రూలు తిప్పే బిట్), కాసెట్‌కి 3.8. రెండూ ఒకే సెట్‌లో వస్తాయి.

ఇదే లెక్క సెగా సాటర్న్‌కీ, మొదటి ప్లేస్టేషన్‌కీ వర్తించదు. వాటిలో పవర్ సప్లై లోపలే ఉంటుంది, గోడ నుంచి నేరుగా 100 వోల్టులు కావాలి. అక్కడ స్టెప్‌డౌన్ తప్పదు, అదీ రాగి చుట్టిన అసలు ట్రాన్స్‌ఫార్మర్. ప్రయాణాలకి అమ్మే అరచేతి సైజు కన్వర్టర్లు హీటర్లకే పనికొస్తాయి.

240పీ_పంతులు:

బొమ్మ సంగతి నేను అందుకుంటా.

మలక్‌పేట గారూ, నలుపు తెలుపు మాట నిజమే, కానీ అన్ని డబ్బా టీవీల్లో కాదు. మన దూరదర్శన్ పద్ధతి పాల్, రంగు సబ్‌క్యారియర్ (రంగుని మోసే సిగ్నల్) 4.43 మెగాహెర్ట్జ్. జపాన్‌ది ఎన్‌టీఎస్‌సీ, 3.58. పాల్ ఒక్కటే తెలిసిన టీవీకి వెలుగు నీడలు అర్థమవుతాయి, రంగు భాష అర్థం కాదు. మీ టీవీ మెనూలో "కలర్ సిస్టమ్" అని ఉంటే ఆటో గానీ, ఎన్‌టీఎస్‌సీ 3.58 గానీ పెట్టి చూడండి. 2000 తర్వాతి సెట్లలో చాలావాటికి ఇది ఉంటుంది. మెనూలో లేకపోతే వెనక ఆకుపచ్చ, నీలం, ఎరుపు కాంపోనెంట్ జాక్‌లు ఉన్నాయేమో చూడండి.

చాలామంది ఇక్కడ ఎస్-వీడియో కేబుల్ కొని బోల్తా పడతారు. ఎస్-వీడియోలో వెలుగు, రంగు వేరుగా వస్తాయి గానీ ఆ రంగు ఇంకా 3.58 మీదే ఉంటుంది. పాల్ టీవీకి అదీ నలుపు తెలుపే. ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా వచ్చేది) తీసుకుని, ట్రాన్స్‌కోడర్ అనే డబ్బాతో కాంపోనెంట్‌గా మారిస్తేనే సబ్‌క్యారియర్ గొడవ పూర్తిగా పోతుంది.

ఆర్‌జీబీ కేబుల్‌లో రెండు గుంటలున్నాయి. మొదటిది: జపాన్ 21 పిన్నుల ఆర్‌జీబీ ప్లగ్గు, యూరప్ స్కార్ట్ ప్లగ్గు చూడ్డానికి కవలలు, లోపలి వైరింగ్ వేరు. జపాన్ కేబుల్‌ని స్కార్ట్ బాక్సులో గుచ్చితే పరికరం పోవచ్చు. ఆక్షన్‌లో చవగ్గా కనిపించే జపాన్ ఆర్‌జీబీ కేబుల్ అందుకే వద్దంటాను. రెండోది: ఎన్‌టీఎస్‌సీ మెషీన్ కేబుల్‌లో ఆర్, జీ, బీ మూడు లైన్ల మీదా 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఉండాలి. పాల్ మెషీన్ కేబుల్‌లో వాటి బదులు 75 ఓమ్ రెసిస్టర్లు గ్రౌండ్‌కి ఉంటాయి. పైగా మల్టీ-అవుట్‌లో (మెషీన్ వెనక బొమ్మ, సౌండ్ వచ్చే సాకెట్) 3వ పిన్ మన మెషీన్‌లో సింక్, పాల్ మెషీన్‌లో 12 వోల్టులు. ఒకదాని కేబుల్ ఇంకోదానికి వాడితే ఎక్కడో ఒకచోట తగులుకుంటుంది. అమ్మేవాడు "ఎస్ఎన్ఈఎస్ స్కార్ట్" (ఎస్ఎన్ఈఎస్ అంటే అమెరికా, యూరప్‌లలో సూపర్ ఫామికామ్ పేరు) అని మాత్రమే రాస్తే, ఏ దేశం మెషీన్‌కి అని అడిగి కొనండి.

ఇక ఎల్ఈడీ టీవీ. ఏవీ జాక్‌కి మామూలు మూడు రంగుల కేబుల్ పెడితే రంగుల్లోనే వస్తుంది, కానీ బాగుండదు. సూపర్ ఫామికామ్ ఇచ్చేది 240పీ, సెకనుకి 60 పూర్తి ఫ్రేములు. టీవీ దాన్ని 480ఐ (ఫ్రేము సగం సగంగా వచ్చే పద్ధతి) అనుకుని రెండేసి ఫ్రేముల్ని కలిపి కుడుతుంది. దెబ్బ తిన్న హీరో మినుకు మినుకుమనాలి కదా, అతను దువ్వెన పళ్లలా చారలుగా కనిపిస్తాడు, లేదా కాసేపు మాయమైపోతాడు. దానికి తోడు బటన్ నొక్కాక బొమ్మ ఆలస్యం. బజార్లో దొరికే చవక ఏవీ-హెచ్‌డీఎంఐ డబ్బాలు కూడా ఇదే తప్పు చేస్తాయి, టీవీకి బదులు తాము చేస్తాయి, అంతే తేడా.

రెట్రోటింక్-2ఎక్స్ లాంటి లైన్ డబ్లర్ 240పీని 240పీగానే గుర్తించి, ప్రతి గీతనీ రెండుసార్లు గీసి 480పీగా పంపుతుంది. ఆలస్యం లెక్కలోకి రానంత. ఎస్-వీడియోతో కలిపి వాడండి, ఇక్కడ రంగు డీకోడ్ చేసేది టీవీ కాదు కాబట్టి పాల్ గొడవ లేదు. ఎన్64, గేమ్‌క్యూబ్‌ల ఎస్-వీడియో కేబులే దీనికీ సరిపోతుంది, సాకెట్ ఒకటే. టీవీలో గేమ్ మోడ్ ఆన్, బొమ్మ సైజు 4:3. బొమ్మని సాగదీసి మారియోని పొట్టివాణ్ణి చేయకండి.

ఓఎస్ఎస్‌సీ (ఇలాంటిదే ఇంకో డబ్బా) కొనే ఆలోచన ఉంటే ఒక హెచ్చరిక. ఈ మెషీన్ కచ్చితంగా 60 హెర్ట్జ్ ఇవ్వదు, 60.1కి దగ్గర. పైగా ఒక ఫ్రేము విడిచి ఒక ఫ్రేములో ఒక స్కాన్‌లైన్ కొద్దిగా పొట్టిగా ఉంటుంది. ఓఎస్ఎస్‌సీలో ఫ్రేమ్ బఫర్ (పూర్తి ఫ్రేముని దాచుకునే మెమరీ) లేదు, ఆ వంకర ఉన్నదున్నట్టు టీవీకి వెళ్తుంది. కొన్ని టీవీలు ఒప్పుకుంటాయి, కొన్ని సెకనుకోసారి నల్లబడతాయి.

ఎడిసన్_ఎల్బో:

అమెరికాలో ఉన్నవాళ్లకి చిన్న మాట: జపాన్ కాసెట్లు ఇక్కడి ఎస్ఎన్ఈఎస్‌లో నడుస్తాయి. లాక్ చిప్ (వేరే దేశం కాసెట్లని అడ్డుకునే చిప్పు) ఒకటే, అడ్డం వచ్చేవి స్లాట్‌లోని రెండు ప్లాస్టిక్ కొమ్ములు మాత్రమే. వాటిని తీసేస్తే చాలు, మెషీన్ కొననక్కర్లేదు. యూరప్ మెషీన్‌కి ఇది కుదరదు.

ఇంకోటి, అమెరికా పాత ఎన్ఈఎస్ (సూపర్ ఫామికామ్ కంటే ముందు వచ్చిన ఫామికామ్‌కి అక్కడి రూపం) అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. ఎన్ఈఎస్ లోపల రెక్టిఫయర్ ఉంది, ఫామికామ్, సూపర్ ఫామికామ్‌లలో లేదు. పొరపాటున కూడా గుచ్చకండి.

సేవ్_ఎగిరింది:

బ్యాటరీ. సీఆర్2032, కాళ్లు వెల్డ్ చేసినది. సూపర్ మారియో వరల్డ్ మెషీన్‌తో పాటే 1990 నవంబర్ 21న వచ్చింది, దానికీ సేవ్ ఉంది. కొన్నింటిలో ఇప్పటికీ 3 వోల్టులు కనిపిస్తాయి, కొన్ని ఎప్పుడో పోయాయి. కాసెట్ విప్పి కొలవడమే మార్గం. 2.5 కిందికి దిగితే మార్చేయండి.

బ్యాటరీ తీస్తే పాత సేవ్ పోతుంది. అది కావాలంటే ముందు కార్ట్ రీడర్‌తో (కాసెట్‌ని చదివే పరికరం) కంప్యూటర్‌లోకి లాగి పెట్టుకోండి. మెషీన్ ఆన్‌లో ఉంచి బ్యాటరీ మార్చే వీడియోలు చూసి ఆవేశపడొద్దు, ఒక్క షార్ట్‌తో కాసెట్టూ మెషీనూ రెండూ పోతాయి.

పద్ధతి ఇది. కాళ్లున్న కొత్త బ్యాటరీనే కొనండి. బోర్డు మీద ప్లస్ గుర్తు ఎటుందో ఫోటో తీసుకోండి. ఐరన్ 350 డిగ్రీలు. నెగెటివ్ కాలు గ్రౌండ్ ప్లేన్‌కి అతికి ఉంటుంది, వేడంతా అదే పీల్చేస్తుంది, ఎంత ఆనించినా కరగదు. అప్పుడు లాగితే ప్యాడ్ ఊడి వస్తుంది. ముందు ఆ కాలికి కొంచెం కొత్త సీసం కలపండి, కలిసి కరిగాక విక్‌తో (సీసం పీల్చే రాగి అల్లిక) తీయండి. కాళ్లులేని బ్యాటరీ మీద నేరుగా సోల్డర్ చేయొద్దు, వేడికి ఉబ్బి పగులుతుంది. టేపుతో అంటించడం ఇంకా దండగ, కాసెట్ తీసి పెట్టే అదురుకి కాంటాక్ట్ వదిలి సేవ్ ఎగిరిపోతుంది.

విప్పినప్పుడే బోర్డు కూడా చూడండి. అసలుదైతే నింటెండో పేరు, ఎస్‌హెచ్‌వీసీతో మొదలయ్యే నంబరు అచ్చువేసి ఉంటాయి. చిప్పు బదులు నల్లటి లక్క ముద్ద గానీ, పేరు గీకేసిన చిప్పు గానీ కనిపిస్తే నకిలీ.

కాంటాక్టులకి 99 శాతం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), దూదిపుల్ల. మొబైల్ రిపేర్ సామాను షాపుల్లో దొరుకుతుంది. నోటితో ఊదే మన పాత మంత్రం మానేయండి, ఉమ్మి తడికి కాంటాక్టులు చిలుం పడతాయి.

మలక్‌పేట_మారియో:

అందరికీ చాలా థాంక్స్. నా టీవీ మెనూలో ఎన్‌టీఎస్‌సీ 3.58 ఉంది, గండం గడిచింది. ఆక్షన్ పేజీలో ఏ మాటలు చూడాలి? అటక మీది కాసెట్ సంగతి?

240పీ_పంతులు:

"జంకు" అని ఉంటే పరీక్షించలేదు, వాపసు లేదు అని అర్థం. కాసెట్లయితే ధైర్యం చేయొచ్చు, చాలావరకు మురికే. మెషీన్ అయితే వద్దు. లైటు వెలిగి తెర నల్లగా ఉండేవాటిలో సీపీయూ పోయినవి ఎక్కువ, దానికి ఇంకో మెషీన్‌ని బలి ఇవ్వడం తప్ప మందు లేదు. "దోసా కకునిన్ జుమి" అంటే నడిపి చూశామని (మన దోసెతో సంబంధం లేదు). "హోంతై నోమి" అంటే మెషీన్ ఒక్కటే. మీకు కావలసింది అదే, ఎలాగూ వాళ్ల అడాప్టర్ పనికిరాదు, బరువూ తగ్గుతుంది. "కిబామి" అంటే పసుపెక్కింది, ఆటకి అడ్డు కాదు. 1998లో వచ్చిన చిన్న సైజు జూనియర్ మోడల్ ముద్దుగా ఉంటుంది గానీ దాంట్లో ఎస్-వీడియో, ఆర్‌జీబీ తీసేశారు, మీ ఎల్ఈడీ ప్లాన్‌కి అది వద్దు.

కస్టమ్స్ లెక్క వస్తువు ధర మీదే కాదు, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద పడుతుంది. కాసెట్లు ఒక్కొక్కటిగా కాకుండా ప్రాక్సీ గోడౌన్‌లో పోగేసి ఒకే పార్సెల్‌గా తెప్పించండి.

అటక మీదిది పడదు. అది 60 పిన్నుల ఫామికామ్ రకం. మన 90ల వీడియో గేమ్ డబ్బాల్లో చాలావరకు ఫామికామ్ నకళ్లే. జపాన్‌లోనూ గేమ్ కాసెట్‌ని "కసెట్టో" అనే అంటారు, కాబట్టి మనం తప్పుగా పిలవలేదు. మీ అటక కాసెట్‌కి ఫామికామ్ కావాలంటే 1993 నాటి ఏవీ మోడల్ చూడండి. 1983 మోడల్‌కి యాంటెన్నా అవుట్‌పుట్ ఒక్కటే, అదీ జపాన్ 1, 2 చానళ్ల మీద. ఆ ఫ్రీక్వెన్సీలు మన దగ్గర ఎఫ్ఎం రేడియోవి.