ఎనిమిది నెలల కుక్కపిల్లను డిస్క్ కోసం దూకించవచ్చా?

వంశధార ఒడ్డు (గుణుపురం):

మా బుజ్జికి ఎనిమిది నెలలు. నాటు పిల్ల, గోధుమరంగు, రైస్ మిల్లు వెనక దొరికింది. బంతి విసిరితే నేలను తాకనివ్వదు. ఈ మధ్య డిస్క్ డాగ్ వీడియోలు చూశాను. మనిషి డిస్క్ విసురుతాడు, కుక్క పరుగెత్తి గాల్లోనే పట్టి తెచ్చిస్తుంది. బరంపురం వెళ్లినప్పుడు నేనూ ఒక ప్లాస్టిక్ డిస్క్ కొన్నాను. నిన్న సాయంత్రం నది ఇసకలో విసిరితే బుజ్జి నా ఛాతీ ఎత్తుకు ఎగిరి పట్టింది. అప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

మావయ్య మాత్రం ఏడాదిన్నర దాకా దూకించొద్దంటున్నారు. తమ్ముడేమో ఉత్సాహం ఉన్నప్పుడే నేర్పాలి, తర్వాత పట్టించుకోదంటాడు. ఇద్దరూ కుక్కల్ని పెంచినవాళ్లే. బుజ్జి విషయంలో పొరపాటు చేయకూడదని అడుగుతున్నాను, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రాయగడ రైతు:

బాబూ, మీ తమ్ముడి మాటే నా మాట. మా పొలం కుక్కలు ఆరు నెలలకే కంచె దూకి కోతుల వెంట పడతాయి. పాతికేళ్లుగా చూస్తున్నాను, దూకినందుకు కాలు పోయిన కుక్క నాకు కనబడలేదు. ఈ నెలల లెక్కలు ముప్పై నలభై కిలోలు తూగే విదేశీ జాతులకు పనికొస్తాయేమో. మన నాటు కుక్క పదిహేను కిలోలు ఉంటే ఎక్కువ, ఒంట్లో కొవ్వన్నది ఉండదు. దాన్ని ఏడాదిన్నర ఊరికే కూర్చోబెడితే ఆట మీద ఆశే పోతుంది. నేర్పండి.

పర్లాకిమిడి అక్క:

రైతు అన్నయ్యా, మీ అనుభవాన్ని కాదనను. కానీ మా సింబ సంగతి చెప్పకుండా ఉండలేను.

సింబకి అప్పుడు పది నెలలు. సాయంత్రం గ్రౌండ్‌లో ఆడిస్తున్నాను, కొండల వైపు నుంచి ఎదురుగాలి. పట్టించుకోకుండా గాలికి ఎదురుగానే విసిరాను. డిస్క్ ముందుకు పోలేదు, ముక్కు పైకెత్తి లేచి అక్కడే తేలుతూ ఉండిపోయింది. పరుగెత్తుతున్న సింబ దాని కిందకొచ్చి ఆగింది, తలెత్తి చూసింది, నిట్టనిలువుగా లేచింది. పైన నడుం మెలితిరిగింది. దిగేటప్పుడు వెనక కుడికాలు ఒక్కటే ముందుగా నేలకు తగిలింది. చిన్న మూలుగు వినబడింది, అంతే. మూడు కాళ్ల మీద కుంటుకుంటూ వచ్చి డిస్క్ నా చేతికే ఇచ్చింది. ఆ కాలు పైకి పట్టుకుని, తోక ఊపుతూ, మళ్లీ విసరమని నిలబడింది.

మోకాలి లిగమెంట్ దెబ్బతింది. భువనేశ్వర్ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం. తర్వాత నెలల తరబడి గొలుసు పట్టుకుని నాలుగడుగులు, మళ్లీ నాలుగడుగులు. ఇప్పుడు బాగానే పరుగెడుతుంది. దూకనివ్వను.

ఆ రోజు తప్పు నా చేతిది. డిస్క్ ఎటు పోతే కుక్క అటు పోతుంది. అది ఎలా లేవాలో, ఎలా దిగాలో నా త్రోయే నిర్ణయించింది. అందుకే తమ్ముడూ, బుజ్జి కంటే ముందు నువ్వు నేర్చుకో. దాన్ని ఇంట్లో వదిలేసి ఒక్కడివే వెళ్లి విసురు. నేను రెండు వెదురు కర్రలు పాతి నడుం ఎత్తున తాడు కట్టుకున్నాను. పదిహేనడుగుల దూరం నుంచి విసిరితే డిస్క్ వంగకుండా, బల్లపరుపుగా, తాడు మీద జానెడు ఎత్తులో దాటాలి. పదికి తొమ్మిది దాటేదాకా గ్రౌండ్‌కి కుక్కను తీసుకురానని ఒట్టు పెట్టుకున్నాను. రెండు నెలలు పట్టింది. సింబను పెంచక ముందే చేయాల్సిన పని అది.

రాయగడ రైతు:

అమ్మా, చదువుతుంటే మనసు చివుక్కుమంది. కానీ మీరే చెప్పారు కదా, తప్పు త్రోది అని. అంటే వయసుది కాదు. త్రో సరిగ్గా ఉంటే ఎనిమిది నెలల పిల్ల దూకితే నష్టమేంటి?

జైపూర్ కొండగాలి:

దీనికి నేను చెప్తాను, పశువుల ఆసుపత్రిలో పని చేస్తాను కాబట్టి. పిల్ల పెరిగేటప్పుడు పొడుగాటి ఎముకల చివర్ల దగ్గర మెత్తని పొర ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటారు. ఎముక పొడవు పెరిగేది అక్కడే. మధ్యస్థం సైజు కుక్కల్లో అది గట్టిపడేసరికి ఏడాది అవుతుంది, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర, ఇంకా ఆలస్యం కూడా కావచ్చు. ఈలోగా అక్కడ దెబ్బ తగిలితే కాలు వంకరగా పెరగవచ్చు, పొట్టిగా మిగిలిపోవచ్చు. నాటు కుక్క తేలికైనది కాబట్టి భారం తక్కువే, రైతు గారి మాట అంతవరకు నిజం. కానీ పొర దానికీ ఉంటుంది.

మీ పొలం కుక్క కోతి కోసం కంచె దూకితే రోజుకి ఒకటో రెండో దూకుళ్లు. తనే చూసుకుని, తనే అంచనా వేసుకుని దూకుతుంది. డిస్క్ వెంట పడే పిల్ల అరగంటలో నలభైసార్లు లేస్తుంది, పైగా కళ్లు డిస్క్ మీద ఉంటాయి కానీ నేల మీద ఉండవు. తేడా అక్కడుంది.

ఇంకొకటి. బుజ్జికి కొన్న డిస్క్ మనుషులు ఆడుకునేదైతే పక్కన పెట్టేయండి. పెద్దవాళ్లు రెండు జట్లుగా డిస్క్ విసురుకుని ఆడే అల్టిమేట్ ఆటలో వాడేది 175 గ్రాములు, అంచు గట్టిగా ఉంటుంది. పరుగు మీదున్న కుక్క పళ్లకి తగిలితే పళ్లు చిట్లుతాయి. కుక్కల కోసం చేసేవి చాలావరకు 110 గ్రాములకు అటూ ఇటూ, మెత్తగా వంగుతాయి. కొరికి గరుకైన అంచును రోజూ వేలితో తడిమి చూడండి. పదునుగా తగిలితే పారేయాలి, నాలుక కోస్తుంది.

బరంపురం మాస్టారు:

నేను బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. నా మనవరాలు, నేను కలిసి మా లాబ్రడార్‌కి ఈ ఆట నేర్పాం. అందరూ దూకడం గురించే మాట్లాడుతున్నారు, ఆటలో దాని వాటా ఎంతో చూడండి. విసిరి తెప్పించే పోటీలో సాధారణంగా 60 సెకన్లు, ఒకే డిస్క్. ఎంత దూరంలో పట్టిందన్న దాన్ని బట్టి పాయింట్లు. నాలుగు కాళ్లూ గాల్లో ఉండగా పడితే అదనంగా అర పాయింటు. ఆ అరకోసం ఎనిమిది నెలల పిల్ల కాళ్లు పణంగా పెట్టడం నాకు నచ్చదు.

ఈ ఆటకి జనంలో పేరొచ్చింది 1974 ఆగస్టులో. లాస్ ఏంజెలెస్ డాడ్జర్ స్టేడియంలో బేస్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా అలెక్స్ స్టెయిన్ అనే కుర్రాడు తన విప్పెట్ కుక్క యాష్లీతో మైదానంలోకి దూరి డిస్కులు విసిరాడు. అది మనిషిని మించిన ఎత్తుకు ఎగిరి పట్టడం టీవీలో దేశమంతా చూసింది. యాష్లీ పుట్టింది 1971లో. అంటే అప్పటికి దానికి మూడేళ్లు. 1975 నుంచి 1977 దాకా వరుసగా మూడుసార్లు ప్రపంచ పోటీ గెలిచింది, చివరిసారికి ఆరేళ్లు. ఏడాది దాటితే ఆశ పోతుందన్న భయం అక్కర్లేదు రైతు గారూ.

అయితే అక్కగారితో ఒక చోట నేను ఏకీభవించను. మన త్రో కుదిరేదాకా కుక్కను పూర్తిగా పక్కన పెట్టక్కర్లేదు. దూకకుండా నేర్పే పని బోలెడుంది. డిస్క్‌ను బోర్లా తిప్పి అందులో అన్నం పెట్టండి, దాని మీద ఇష్టం అక్కడ మొదలవుతుంది. తర్వాత చక్రంలా నేల మీద దొర్లించండి, రోలర్ అంటారు. పిల్ల వెంటపడి, తల వంచి పట్టుకుంటుంది, కాళ్లు నేల మీదే ఉంటాయి. రెండు డిస్కులు ఉంచుకోండి. నోట్లోది వదిలితేనే రెండోది దొర్లాలి.

ఆ వదిలే మాట దగ్గరే మేము దెబ్బతిన్నాం. నేను "వదులు" అనేవాణ్ణి, మనవరాలు స్నేహితులతో ఒడియాలో ఆడి ఆడి "ఛాడ" అనేది. కుక్క డిస్క్ నోట కరచుకుని మా ఇద్దరి మొహాలు మార్చి మార్చి చూసేది. రెండు వారాలు మొండిదనుకున్నాం. చివరికి ఇంటిల్లిపాదీ "ఛాడ" అనే ఖాయం చేసుకుంటే మూడో రోజుకి వదలడం మొదలుపెట్టింది. సరిహద్దు ఊళ్లలో ఉన్న మనకి ఇది చిన్న సంగతి కాదు. భాష ఏదైనా పరవాలేదు, మాట ఒక్కటే ఉండాలి.

పర్లాకిమిడి అక్క:

మాస్టారూ, రోలర్ల సంగతి ఒప్పుకుంటున్నాను. నా భయం అంతా గాల్లోకి పోయే త్రో గురించే. ఇంట్లో అన్నం పెట్టడం, దొర్లించడం మొదటి రోజు నుంచీ చేయొచ్చు.

తమ్ముడూ, గాలి విషయం మాత్రం మర్చిపోకు. ఎదురుగాలిలో డిస్క్ పైకి లేస్తుంది, వెనక గాలిలో తొందరగా కిందకు పడుతుంది. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి బయటికి విసిరితే చివర్లో వేగం తగ్గి ఎడమకు వాలుతుంది. బుజ్జి పెద్దయ్యాక కూడా త్రో దాని తల ఎత్తులో, దానికి కాస్త ముందుగా పోవాలి. అప్పుడు పరుగు మీదే అందుకుని ముందు కాళ్ల మీద సాఫీగా దిగుతుంది.

రాయగడ రైతు:

సరే, వయసు విషయంలో నా పట్టు కొంచెం సడలిస్తాను. ఆరు నెలల పిల్ల కంచె దూకితే ఇకపైన కూడా నేను ఆపను, కానీ డిస్క్‌తో రెచ్చగొట్టి నలభైసార్లు దూకించడం వేరేనని ఒప్పుకుంటున్నాను.

నేల గురించి ఎవరూ అనలేదు. కోతలయ్యాక ఖాళీగా ఉంది కదా అని వరి మడిలోకి తీసుకెళ్లొద్దు. కొయ్యకాళ్లు అరికాళ్లలో గుచ్చుకుంటాయి, మా కుక్కలకి ప్రతి ఏడూ తీస్తుంటాను. నది ఇసక కూడా పొడిగా లోతుగా ఉంటే కాలు దిగబడి మెలిపడుతుంది. నీటి అంచున తడిసి గట్టిపడిన ఇసక మంచిది, గడ్డి అన్నిటికంటే మంచిది. ఎండ సంగతి చెప్పక్కర్లేదనుకోవద్దు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దారి. ఆట ఇష్టమైన కుక్క తనంతట తాను ఆగదు, పడిపోయేదాకా పరుగెడుతుంది. నాలుక పక్కకి వెడల్పుగా వేలాడుతుంటే ఆట అయిపోయినట్టే. ఎండాకాలం ఉదయం ఆరున్నరకల్లా ఇంటికి వచ్చేయండి.

జైపూర్ కొండగాలి:

రైతు గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు. ఒకవేళ వడదెబ్బ తగిలితే నీడకి తీసుకెళ్లి మామూలు చన్నీళ్లు పోయండి, గాలి తగలనివ్వండి, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి. తడిగుడ్డ కప్పి వదిలేయొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది.

వంశధార ఒడ్డు (గుణుపురం):

అందరికీ దండాలు. ఆ ప్లాస్టిక్ డిస్క్ అటక మీద పడేశాను. కుక్కల డిస్కులు రెండు ఆర్డర్ పెట్టాను. మావయ్యకి ఈ మాటలన్నీ చదివి వినిపించాను, ఆయన రెండు వెదురు కర్రలు కొట్టి తెచ్చారు. పెరట్లో తాడు కట్టేశాం. డిస్కులు వచ్చేదాకా తమ్ముడి పాత డిస్క్‌తో నేనొక్కణ్ణే విసురుతున్నాను. ఇవాళ పదికి మూడు దాటాయి. బుజ్జి కిటికీ ఊచల్లోంచి మూతి బయటపెట్టి చూస్తోంది. మాస్టారూ, మా ఇంట్లో అమ్మ, నాన్న, తమ్ముడు, నేను "వదులు" అనే అనాలని నిర్ణయించుకున్నాం. పక్కింటి పిల్లలు సాయంత్రం ఆడించడానికి వస్తారు, వాళ్లకి తెలుగు రాదు. ఆ ఒక్క మాటా వాళ్లకి నేర్పాలా, మేమే "ఛాడ"కి మారాలా?

బరంపురం మాస్టారు:

పిల్లలకి నేర్పండి బాబూ. ఒక్క పూటలో వచ్చేస్తుంది.