పీఏ ఇంటర్న్‌షిప్‌లో ఫ్యామిలీ క్లినిక్ పోస్టింగ్ తప్పనిసరి చేయాలా, వద్దా?

మధురవాడ ఇంటర్న్
బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ, అంటే డాక్టర్ కింద సాయంగా పనిచేసేవాళ్ళ కోర్సు) నాలుగో ఏడు, అంటే ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. ఎనిమిది నెలల్లో కార్డియాలజీ, ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ తిరిగాను. డిశ్చార్జి సమ్మరీలు రాయడంలో చెయ్యి తిరిగింది, రౌండ్స్‌కి ముందు రిపోర్టులన్నీ సర్ది పెట్టేస్తాను. కానీ మొన్న ఇంటికెళ్తే పక్కింటి పిన్నిగారు "నెల రోజులుగా నీరసంగా ఉంటోందమ్మా, ఏమై ఉంటుంది" అని అడిగారు, ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలో కూడా నాకు తోచలేదు. నేను చూసిన పేషెంట్లందరికీ జబ్బు పేరు అప్పటికే కేస్ షీట్ మీద రాసి ఉంటుంది కదా. అందుకే మిగిలిన నాలుగు నెలల్లో రెండు నెలలు ఎవరైనా ఫ్యామిలీ డాక్టర్ దగ్గర వేయమని కోఆర్డినేటర్ గారిని అడుగుదామని మేం కొందరం అనుకుంటున్నాం. బ్యాచ్‌లో సగం మంది వద్దంటున్నారు. మీరేమంటారు?

క్యాథ్‌ల్యాబ్ పీఏ
వద్దనే నా మాట. ఆరేళ్ళుగా క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే గుండె రక్తనాళాల్లోకి సన్నని గొట్టం పంపి చూసే చోట, పనిచేస్తున్నాను చెల్లెమ్మా, వైజాగ్‌లో మనకి ఉద్యోగాలు ఎవరిస్తున్నారో ఒకసారి చూడు. పెద్ద ఆస్పత్రుల్లో కార్డియాక్, న్యూరో, ఆర్థో డిపార్ట్‌మెంట్లు. వీధి చివర క్లినిక్ పెట్టుకున్న డాక్టర్ గారు పీఏని పెట్టుకుని జీతం ఇవ్వడం నేనింతవరకు చూడలేదు. అసలు మన దేశంలో ఈ కోర్సు 1992లో చెన్నైలో మొదలైంది కూడా గుండె సర్జరీల దగ్గర సాయం కోసమే. ఇంటర్వ్యూలో షీత్ (రక్తనాళంలో పెట్టిన గొట్టం) తీయడం వచ్చా, ఐసీయూ ఎన్నాళ్ళు చేశావు అని అడుగుతారు. జలుబు, జ్వరాలు ఎన్ని చూశావని ఎవరూ అడగరు. ఆ రెండు నెలలు పోతే నష్టం నీకే.

పీజీ రెండో ఏడు
నాది వేరే అభ్యంతరం. జబ్బేమిటో తేలని పేషెంట్‌ని మొదట చూడటం మెడిసిన్‌లో అన్నిటికన్నా కష్టమైన పని. ఐసీయూలో చుట్టూ మానిటర్లుంటాయి, సీనియర్లుంటారు, తప్పు చేస్తే నిమిషంలో పట్టుకుంటారు. క్లినిక్‌లో "గ్యాస్ అయ్యుంటుంది" అని పంపేసిన మనిషి రాత్రికి గుండెపోటుతో వస్తాడు. ఇంగ్లండ్‌లో పీఏల పని మీద 2025 జూలైలో వచ్చిన లెంగ్ రివ్యూ అనే నివేదిక కూడా ఇదే చెప్పింది. నిర్ణీత ప్రోటోకాల్ ఉన్నచోట తప్ప జబ్బు తేలని పేషెంట్లను పీఏలు చూడకూడదనీ, కొత్తగా పాసైనవాళ్ళు రెండేళ్ళు ఆస్పత్రిలో చేశాకే జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టర్) క్లినిక్‌లకు వెళ్ళాలనీ. ఇక్కడ మనకి ఇప్పటికే ఊరికో ఆర్‌ఎంపీ ఉన్నాడు. మెడలో స్టెత్ వేసుకుని క్లినిక్‌లో రెండు నెలలు కూర్చున్న కుర్రాడు రేపు సొంత ఊళ్ళో బోర్డు పెట్టడని మీరు హామీ ఇవ్వగలరా? 2019లో ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) చట్టంలో, డాక్టర్లు కానివాళ్ళకీ పరిమితంగా వైద్యం చేసే లైసెన్సు ఇచ్చే కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ సెక్షన్ మీద దేశమంతా జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కింది ఈ భయంతోనే.

గాజువాక ఫ్యామిలీ డాక్టర్
ఇరవై ఏళ్ళుగా గాజువాకలో ప్రాక్టీస్ చేస్తున్నాను, గత మూడేళ్ళలో నలుగురు పీఏ విద్యార్థులకు నేర్పాను. తప్పనిసరి చేయాలనే నా అభిప్రాయం.

ముందు ఒక సంగతి. పోయినేడాది అరవై దాటిన ఒకావిడ వచ్చింది. "రెండు కాళ్ళూ వాచిపోతన్నాయి బాబూ, చెప్పులు పట్టట్లేదు" అంది. అప్పటికే వేరేచోట గుండెకి ఎకో, కిడ్నీలకి క్రియాటినిన్ అన్నీ చేయించుకుంది, అన్నీ నార్మల్. నా ఓపీ ఉదయం పూట అరవై దాకా ఉంటుంది, నేనైతే ఇంకో టెస్టు రాసేవాడినేమో. ఆ రోజు మా దగ్గరున్న అమ్మాయి ఆవిడని పక్కన కూర్చోబెట్టి, చేతిలో ఉన్న మందుల కవరు తీసుకుని టేబుల్ మీద గుమ్మరించింది. నాలుగు రకాల స్ట్రిప్పులు. ఒకదాని మీద కంపెనీ పెట్టిన పేరు, ఇంకోదాని మీద ఉత్త అమ్లోడిపిన్ 5 అని, అది జన ఔషధి షాపులో కొన్నది. రెండూ ఒకే బీపీ మందు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటోంది, రెండు వేర్వేరు మందులనుకుని. అమ్లోడిపిన్‌కి కాళ్ళ వాపు రావడం అందరికీ తెలిసిందే, డోసు పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది. ఒకటి ఆపాం, బీపీ చూసుకుంటూ ఉన్నాం. మూడో వారం పాత చెప్పులేసుకునే వచ్చింది.

ఇది ఐసీయూలో నేర్చుకునే విషయం కాదు, ఎందుకంటే అక్కడ మందు వేసేది నర్సు. ఇంట్లో వేసుకునేది పేషెంటే. "మందులు వేసుకుంటున్నారా" అని అడిగితే మనవాళ్ళు ఎవరైనా "ఆఁ, వేసుకుంటన్నాం" అనే అంటారు. "నిన్న రాత్రి ఏది వేసుకున్నారు, చూపించండి" అని అడగాలి. అలాగే "గాబరా" అనే మాట. మన వైపు పేషెంట్ గాబరాగా ఉందంటే గుండె దడ కావచ్చు, ఆయాసం కావచ్చు, షుగర్ పడిపోయి ఉండొచ్చు, కొడుకు ఫోన్ చేయలేదన్న టెన్షన్ కావచ్చు. విడదీసి అడగడం రావాలంటే వందమందిని అడగాలి.

పీజీ గారూ, మీ భయం న్యాయమైనదే. కానీ లెంగ్ రివ్యూలో మీరు చెప్పిన ముక్క పాసయ్యాక చేసే ఉద్యోగం గురించి. చదువుతుండగా డాక్టర్ పక్కన కూర్చుని నేర్చుకోవడం వేరు. అమెరికాలో 1965లో డ్యూక్ యూనివర్సిటీలో ఈ చదువు నలుగురు మాజీ నేవీ వైద్య సిబ్బందితో మొదలైనప్పుడు జనరల్ డాక్టర్ల కొరతే దానికి కారణం, అక్కడ ఈనాటికీ ఫ్యామిలీ మెడిసిన్‌లో క్లినికల్ శిక్షణ లేకుండా పీఏ డిగ్రీ ఇవ్వరు.

నా దగ్గర పద్ధతి ఇది. మొదటి వారం బీపీ మాత్రమే. పేషెంట్‌ని అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి, కాళ్ళు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, చేతికి చుట్టే కఫ్ సరిపోయే సైజులో ఉండాలి. రెండో వారం నుంచి పది నిమిషాలు హిస్టరీ (జబ్బు వివరాలు అడగడం), తర్వాత పేషెంట్ ఎదుటే రెండు నిమిషాల్లో నాకు చెప్పాలి, తప్పుంటే పేషెంటే అక్కడ "అలా కాదు బాబూ" అని సరిచేస్తారు. ఆ తర్వాత ప్రతి మనిషినీ నేను మళ్ళీ చూస్తాను. మందుల చీటీ మీద రాసేది నేనే.

పెందుర్తి నాన్న
మా పాప రెండో ఏడు చదువుతోంది. డాక్టర్ గారూ, ఇలాంటి పోస్టింగ్‌కి కాలేజీ వాళ్ళు మళ్ళీ వేరే ఫీజు అడుగుతారా? అసలు ఈ చదువుకి గుర్తింపు ఉందా అని మా బంధువులంతా అడుగుతున్నారు.

గాజువాక ఫ్యామిలీ డాక్టర్
నేను పైసా తీసుకోలేదండి. గుర్తింపు మాటకొస్తే, 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం జాబితాలో ఫిజీషియన్ అసోసియేట్ ఉంది, పీఏకి ఉన్న ఇంకో పేరే అది. అంతమాత్రాన సొంతంగా ప్రాక్టీస్ పెట్టుకోవచ్చని కాదు, అది పాపకి ఇప్పుడే చెప్పండి.

పీజీ రెండో ఏడు
మందుల కవరు సంగతి ఒప్పుకుంటాను సర్. మా వార్డులో కూడా అడ్మిషన్ రోజున ఆ కవరు ఎవరూ తెరవరు. కానీ మీలా ప్రతి పేషెంట్‌నీ మళ్ళీ చూసే డాక్టర్లు ఎంతమంది? విద్యార్థిని ఓపీలో కూర్చోబెట్టి తాను రెండో క్లినిక్‌కి వెళ్ళిపోయేవాళ్ళని నేను కళ్ళారా చూశాను. "తప్పనిసరి" అని రూల్ పెడితే కాలేజీలు అలాంటి చోట్లకే తోస్తాయి. ముందు నేర్పే డాక్టర్‌కి షరతులు పెట్టండి, ఆ తర్వాతే విద్యార్థికి రూల్. నేనింకా వద్దనే అంటున్నాను.

క్యాథ్‌ల్యాబ్ పీఏ
ఈ షరతుల మాట సబబుగా ఉంది. నా మాట మాత్రం మారలేదు, రెండు నెలలు ఎక్కువ. ఒక నెల చాలు.

మధురవాడ ఇంటర్న్
అందరికీ థాంక్స్. లెటర్ ఈ రాత్రి రాస్తున్నాను. రెండు నెలల బదులు ఆరు వారాలు అడుగుతున్నాం. పీజీ గారి మాట పట్టుకుని మూడు షరతులు పెడుతున్నాం. డాక్టర్ గారు క్లినిక్‌లో లేని సమయంలో మేం ఏ పేషెంట్‌నీ చూడం. బ్యాడ్జీ మీద "విద్యార్థి" అని తెలుగులో పెద్దక్షరాలతో ఉండాలి, పేషెంట్ వద్దంటే లేచి బయటికి రావాలి. చీటీ మీద మా చేతిరాత ఉండకూడదు.

పొద్దున పిన్నిగారింటికి మళ్ళీ వెళ్ళాను. మందులేమైనా వేసుకుంటున్నారా అని అడగలేదు, కవరు తెమ్మన్నాను. అందులో ఐరన్ మాత్రల స్ట్రిప్పు ఉంది, ఎక్స్‌పైరీ దగ్గర పడింది, ఒక్కటి కూడా చింపలేదు. వేసుకుంటే మలం నల్లగా వస్తుందని ఎవరో చెబితే భయపడి అసలు వేసుకోలేదట. నేను మందేమీ చెప్పలేదు. స్ట్రిప్పు సంచిలో పెట్టించి, రేపు ఉదయం వాళ్ళ డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తున్నాను.