వాన పడ్డ ఫెయిర్‌వే మీద ఏ క్లబ్ తీయాలి?

బెంజ్‌సర్కిల్_గోల్ఫ్ (విజయవాడ):
హైదరాబాద్, వైజాగ్ వెళ్లి గోల్ఫ్ ఆడే మనవాళ్లకు ఒక ప్రశ్న. వానాకాలంలో డ్రైవ్ (మొదటి పొడవాటి దెబ్బ) ఫెయిర్‌వే (పొట్టిగా కోసిన గడ్డిదారి) మధ్యలో పడ్డా దూరం రావట్లేదు. వెడ్జ్ (దగ్గరి షాట్ల క్లబ్) కొడితే బంతికన్నా ముందు మట్టి లేస్తోంది. మే నెలలో అదే స్వింగ్‌కి బంతి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దాటిపోతుంది. మార్చాల్సింది క్లబ్బా, స్వింగా? నేలలో దిగబడ్డ బంతిని తీసి తుడవచ్చా?

అరండల్‌పేట_ఐరన్ (గుంటూరు):
ముందు క్లబ్ మార్చండి. మీరు గుర్తుపెట్టుకున్న గజాల్లో బంతి గాల్లో వెళ్లేది కొంత, పడ్డాక దొర్లేది కొంత. తడినేల మీద రెండోది దాదాపు పోతుంది. కాబట్టి గాల్లో వెళ్లే దూరం మాత్రమే లెక్కవేసి, అవసరమైతే ఒక క్లబ్ పెద్దది (ఎక్కువ దూరం కొట్టేది) తీసి ముప్పావు స్వింగ్ చేయండి. బంతిని స్టాన్స్‌లో (నిలబడే తీరులో) అర బంతి వెనక్కి, అంటే వెనక కాలి వైపు జరిపితే మట్టికన్నా ముందు బంతి తగులుతుంది.

వెడ్జ్ నాగలిలా దిగుతోందంటే దాని బౌన్స్ (క్లబ్ అడుగు నేలలో దిగకుండా ఆపే కోణం) చూడండి. 10 డిగ్రీలు, ఆపైన ఉన్నది మెత్తనేలకు. 4–6 డిగ్రీలది ఎండకు బిగిసిన నేలకు; అక్కడ ఎక్కువ బౌన్స్ వాడితే క్లబ్ నేలను తన్ని ఎగిరి బంతి నడుముకు తగులుతుంది. వేసవిలో గ్రీన్ దాటుతున్నారంటే గ్రీన్ ముందే బంతి వేసి దొర్లనివ్వండి.

క్లబ్ ముఖానికీ బంతికీ మధ్య తడి చేరితే స్పిన్ పడిపోతుంది. ప్రతి షాట్ ముందు పొడి గుడ్డతో గ్రూవ్స్ (క్లబ్ ముఖం మీది గాడులు) తుడవాల్సిందే. చాలామంది గ్రిప్ తుడిచి దీన్ని వదిలేస్తారు.

రూల్స్_మామ (విజయవాడ):
దిగబడ్డ బంతికి రూల్ 16.3. తన దెబ్బకు పడ్డ గుంటలోనే ఉండి, బంతిలో కొంత భాగమైనా నేలమట్టానికి కిందికి పోయుంటే పెనాల్టీ లేదు. తీసి, తుడిచి, బంతి వెనక బిందువు నుంచి ఒక క్లబ్ పొడవులోపు, హోల్‌కి దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి డ్రాప్ చేయాలి. బంకర్‌లో (ఇసుక గుంటలో) ఇది వర్తించదు.

బురద అంటుకుని పైనే ఉంటే తుడవకూడదు, కమిటీ ప్రిఫర్డ్ లైస్ (బంతిని తీసి తుడిచి పెట్టుకునే అనుమతి) ప్రకటిస్తే తప్ప. టీ ఆఫ్ (ఆట మొదలు) ముందే కనుక్కోండి. బురద కుడిపక్కనుంటే బంతి సాధారణంగా ఎడమకు వంగుతుంది. జెండా వదిలి గ్రీన్ మధ్యకు కొట్టండి. స్టాన్స్ తీసుకున్నాక కాలి చుట్టూ నీళ్లు కనిపిస్తే 16.1 కింద ఉచిత రిలీఫ్ (పెనాల్టీ లేకుండా బంతి జరుపుకునే వీలు) ఉంది. ఉత్త చిత్తడి, పొద్దుటి మంచు లెక్కలోకి రావు. డివట్‌లో (ముందటి దెబ్బకు గడ్డి లేచిపోయిన గుంటలో) పడితే మాత్రం ఏడ్చినా రిలీఫ్ లేదు.

పచ్చగడ్డి (తెనాలి):
నేల సంగతీ చూడాలి. మన నల్లరేగడి లాంటి బంకమట్టి నీళ్లు పట్టి ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. అలాంటి చోట పైన ఇసుక పొర, కింద డ్రెయిన్లు లేకపోతే బెర్ముడా గడ్డి ఎంత బాగున్నా ఫెయిర్‌వే రోజుల తరబడి ఆరదు. తడి మీద మోవర్ తిప్పితే టైర్ల కింద మట్టి బిగిసి, మరుసటి వానకు అక్కడే నీళ్లు నిలుస్తాయి. ఆ బిగువు పోవాలంటే గుల్ల మేకులతో పొడిచి, మట్టిదిమ్మలు తీసి, ఇసుక నింపాలి. వానల్లో కోత ఎత్తు కాస్త పెంచుతారు కూడా, అప్పుడు బంతి గడ్డిలో కూర్చుని ఇంకా తక్కువ దొర్లుతుంది.

బెంజ్‌సర్కిల్_గోల్ఫ్:
నా శాండ్ వెడ్జ్ మీద 8 అని ఉంది. వానకు సరిపోతుందా?

అరండల్‌పేట_ఐరన్:
మధ్యస్థం. క్లబ్ ముఖం కొంచెం తెరిచి పట్టండి, బౌన్స్ పెరుగుతుంది. కొత్తది కొననక్కర్లేదు.