సమస్య: సూర్యు దరికి నేఁగ సోఁకెఁ జలియె

నిర్వాహకుడు, శ్రీకాకుళం: ఈ వారం ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి. కొండ ఎక్కేకొద్దీ సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి 8,848.86 మీటర్ల ఎవరెస్టు కొన మీద ఏ నెలలోనూ ఉష్ణోగ్రత సున్నా దాటదెందుకు? చలిని వర్ణిస్తే చాలదు. కారణం పద్యంలోనే పలకాలి.

మందస నుంచి:

మందసకడ నెండ మాడ్చుచుండ, మహేంద్ర
గిరిని నెక్కు కొలఁదిఁ గెరలె గాలి;
కప్పుకొంటి శాలు గజగజ వణకుచు;
సూర్యు దరికి నేఁగ సోఁకెఁ జలియె.

విజయనగరం ఫిజిక్స్ మాస్టారు: మూడో పాదం నడక ఎంత బాగుందో! కానీ లెక్క కుదరలేదండీ. మహేంద్రగిరి 1501 మీటర్లు. కిలోమీటరుకి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మందసలో 38 ఉంటే కొండ మీద 28 ఉంటుంది. ఆ గాలికి హాయనిపిస్తుంది గానీ శాలు అవసరం పడదు.

మందస: నేను శివరాత్రి జాగారానికి ఎక్కినవాణ్ణి మాస్టారూ. తెల్లవారుజామున ఆ కొండ మీది గుడి రాయి మీద చెయ్యి వేస్తే జివ్వుమంటుంది. శాలు అక్కడిది.

నిర్వాహకుడు: అయితే మొదటి పాదంలో ఎండ మాడ్చకూడదు, రాత్రి రావాలి. పైగా గాలి కెరలిందన్నారు, ఎందుకు చల్లబడిందో చెప్పలేదు.

విజయనగరం మాస్టారు: నా పూరణ.

నేల నెండ గాచు; నేల గాలిని గాచు;
పైకి నెగయు గాలి పలుచనౌను;
విరివి నొంద వేఁడి వీడును, శిఖరాన
సూర్యు దరికి నేఁగ సోఁకెఁ జలియె.

నిర్వాహకుడు: మొదటి పాదం ఈ సమస్యకి గుండెకాయ! ఎండ గాలిని పెద్దగా కాచకుండానే దిగివచ్చి నేలను కాస్తుంది, ఆ నేలే గాలికి పొయ్యి. పొయ్యికి దూరం జరిగితే చలి వెయ్యదూ? రెండో పాదంలో పై, ప యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జోడు కుదరడం) నిక్షేపంగా చెల్లుతుంది. ఒక్క ‘వీడును’ దగ్గరే నాకు పేచీ. వేడి ఎవరికో ఇచ్చేసి గాలి చల్లబడటం లేదు. పైన ఒత్తిడి తక్కువ, ఎవరెస్టు కొన మీదైతే సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడో వంతే. అలాంటిచోట విచ్చుకోడానికి గాలి తన శక్తినే ఖర్చుపెట్టుకుంటుంది. ‘విరివి నొంద వేఁడి వెలితౌను శిఖరాన’ అంటే గణాలూ యతీ నిలుస్తాయి, శాస్త్రమూ నిలుస్తుంది.

సోంపేట నుంచి: నేను కొండ ఎక్కకుండానే పూరించాను.

పుష్యమాసమందుఁ బుడమి సూర్యునిఁ జేర
మంచు గప్పె మనదు మన్యమెల్ల;
ఏటికేడు వింత యీ జనవరి వేళ
సూర్యు దరికి నేఁగ సోఁకెఁ జలియె.

విజయనగరం మాస్టారు: అమ్మా, ఈ చూపు ఎవరికీ తట్టలేదు! జనవరి మొదట్లో భూమి సూర్యుడికి సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, జూలైలో 15.2 కోట్లు. యాభై లక్షల కిలోమీటర్లు దగ్గరైనా మనకి చలికాలమే, ఎందుకంటే అప్పుడు ఉత్తరార్ధగోళం సూర్యుడికి ఎడంగా ఒరిగి ఉంటుంది. ఇక ఎవరెస్టు ఎత్తు తొమ్మిది కిలోమీటర్లయినా లేదు, ఆ దగ్గరతనం ఏ మూలకి?

నిర్వాహకుడు: నిజం. అయితే కొన్నేళ్లు ఆ జనవరి తొలి రోజులు పుష్యంలో కాక మార్గశిరంలోనే పడతాయి. ధనుర్మాసం అంటే ఖాయం గానీ ఆ మాట ఆటవెలది పాదం మొదట ఇమడదు. ధ లఘువు, వెంటనే నుర్ గురువు, పాదం మొదట రావలసిన సూర్యగణం (గురువు, లఘువు లేదా మూడు లఘువులు) ఎత్తుకోలేం.

సోంపేట: ‘సంకురాత్రి ముందు జగతి సూర్యునిఁ జేర’ అంటే? సం, జ యతి కుదురుతుంది కదా?

నిర్వాహకుడు: కుదిరింది తల్లీ. అదే ఉంచండి.