విశాఖ దంతపు పెట్టె మూల ఊడింది: తెగిన దండ పూర్తి చేయాలా, అలాగే వదలాలా?

గంధపుపెట్టె:
వస్తువు విశాఖపట్నం పని. కుట్టుసామాను పెట్టె, 1790–1800 ప్రాంతానిదని అంచనా. లోపల గంధపు చెక్క, పైన పలుచని దంతపు తాపడం, చెక్కిన గీతల్లో నల్ల లక్క. మూత నడుమ అండాకారపు చట్రంలో కలశం, అంచు పొడవునా వేలాడే పూలదండలు. ఆడమ్ సోదరులు, హెపుల్‌వైట్ ఇంగ్లండులో నడిపిన నియోక్లాసికల్ (పాత గ్రీకు, రోమను కళను అనుకరించే) మోస్తరు అచ్చంగా దిగింది. ముందువైపు కుడిమూలలో సుమారు 4 సెం.మీ. పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ముక్క లేదు. దాంతో చివరి దండ సగంలో తెగింది. అంచు గీతల్లో మూడోవంతు నలుపు రాలింది. యాజమాన్య ధ్రువపత్రం ఉంది, అమ్మే ఉద్దేశం లేదు. ఎడమమూల చూసి కుడిమూల చెక్కించమని ఒకరంటారు, వేలు పెట్టొద్దని ఇంకొకరంటారు. కారణాలతో చెప్పండి.

సానరాయి:
చెక్కించండి. ఈ మోస్తరు పనికి అది నప్పుతుంది కూడా. హెపుల్‌వైట్ కుర్చీలు, బల్లల నమూనాల పుస్తకం 1788లో వచ్చింది, షెరటన్‌ది 1791–94 మధ్య విడతలుగా వచ్చింది. వాటిలో నగిషీ అంతా కొలతల మీద నడుస్తుంది: నడిగీతకు అటూ ఇటూ ఒకటే. ఎనిమిది దండల్లో ఏడు కళ్లెదుట ఉంటే ఎనిమిదోది ఊహ కాదు, లెక్క. అదే పాత తీగలూ పూలూ ఉన్న పెట్టె అయితే నేనూ వద్దనేవాణ్ణి, అక్కడ ఏ కొమ్మ ఎటు తిరిగిందో ఎవరూ చెప్పలేరు.

ముక్కకు కొత్త దంతం మాట ఎత్తకండి. పాత పియానో మెట్ల దంతం కూడా వద్దు. మిగిలినవి మూడు. ఎద్దు కాలి ఎముక: కొవ్వు పూర్తిగా తీయకపోతే ఏడాది రెండేళ్లలో పసుపు మచ్చలు తేలతాయి, దగ్గరగా చూస్తే నల్లని సన్న చుక్కలు కనిపిస్తాయి. టాగువా గింజ (దంతంలా గట్టిగా ఉండే తాటిజాతి గింజ): రంగు బాగా కలుస్తుంది కానీ గింజ చిన్నది, మీ కొలతకు ఒకే ముక్క దొరకడం కష్టం. మూడోది రంగు కలిపిన పాలియెస్టర్ రెజిన్. రెండు మూడు దగ్గరి రంగులను పలుచని పొరలుగా పోసి, గట్టిపడ్డాక పొరలకు అడ్డంగా కోస్తే దంతపు నిలువు చారల్లాంటివి వస్తాయి. తాపడం మందం కన్నా కాస్త దళసరిగా కోసి, పెట్టెకు దూరంగా సాన పట్టి, ఆ తర్వాతే అమర్చాలి. పెట్టె మీద సాన పడితే పక్కనున్న అసలు దంతం అరుగుతుంది.

మసిలక్క:
సానరాయి గారు ముక్క ఎలా చేయాలో చెప్పారు. ముక్క పోయిందో లేదో ముందు తేలాలి కదండీ.

గంధపు చెక్క తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు అడ్డంగానే కుంచిస్తుంది. పైన అతికిన దంతం కదలిక వేరు, అదీ నిలువుకు ఒకలా, అడ్డానికి ఒకలా. విశాఖ ఉప్పుగాలిలో చేసిన పెట్టె ఇంగ్లండు వెళ్లి హీటర్లున్న గదిలో దశాబ్దాలు ఉంటే పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి. అవి పోయిన ముక్కలు కావు, పెట్టె ఊపిరి తీసుకునే చోట్లు. వాటిలో రెజిన్ దూర్చి బిగిస్తే వచ్చే వానాకాలం చెక్క ఉబ్బుతుంది, చోటు లేక పక్క పలక లేస్తుంది. చీలతో బిగించిన పలకైతే చీల దగ్గర చీలుతుంది. కాబట్టి ఆ ఖాళీ అడుగున ఏముందో ముందు చూడండి. పాత జిగురు మరకా, చీల రంధ్రమూ ఉంటే అక్కడ ముక్క ఉండేది. అడుగు చెక్క శుభ్రంగా ఉండి, రెండు అంచులూ సమాంతరంగా ఉంటే అది సందు.

రెండో మాట. అటూ ఇటూ ఒకటే అన్న లెక్క లండన్ పుస్తకంలో ఉంది, విశాఖ పలక మీద ఉందా? స్కేలు పట్టి ఏడు దండలూ కొలిచి అంకెలు ఇక్కడ పెట్టండి.

కలశం:
కాస్త పక్కకు వెళ్తాను, కానీ పనికొస్తుంది. ఇంగ్లీషు కంపెనీ 17వ శతాబ్దం చివరి నుంచి విశాఖలో ఉన్నది ప్రధానంగా బట్టల కోసం. అక్కడి పాత బల్లలు, అల్మారాల మీద ఇరుగుడు, నల్లచేవ చెక్కల్లో పొదిగిన దంతపు పూలతీగలు కోరమండల్ కలంకారీ అంచులకు చుట్టాలే. ఆ తర్వాత పొదుగు తగ్గి, చెక్కంతా దంతంతో కప్పి గీత చెక్కే పద్ధతి బలపడింది. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ సామానులోంచి ఇంగ్లండు రాజు మూడో జార్జి 1781లో రాణి షార్లెట్ కోసం దంతపు కుర్చీలు కొన్నాడు. ఈ పని అప్పటికే ఎంత దూరం పాకిందో చూడండి.

రూపం మాత్రం వచ్చే ప్రతి ఓడతో మారింది. త్రికోణపు నెత్తి ఉన్న అల్మారాలు, ఇంటి ఆకారపు తేయాకు పెట్టెలు, మూతల మీద దొరల భవనాలు. భవనాలు అచ్చుబొమ్మలు చూసి దింపినవి. అంచులు మాత్రం చేతి అలవాటు మీద సాగేవి. అందుకే చాలా పెట్టెల్లో నడుమ కలశం కొలతకు నిలబడుతుంది, అంచు దండ మూలకు వచ్చేసరికి తీగలా వంకర తిరుగుతుంది. గంధపుపెట్టె గారూ, భూతద్దం పెట్టి చూడండి. మీ దండల కొసల్లో రిబ్బను ముడి ఉందా, ఆకు ఉందా? ఆకైతే అది నియోక్లాసికల్ వేషం కట్టిన పాత తీగే, సానరాయి గారి లెక్క అక్కడే ఆగిపోతుంది.

పాతకాగితం:
చట్టం మాట రెండు ముక్కల్లో. మన దేశంలో దంతపు వస్తువుల వ్యాపారం నిషిద్ధం. ధ్రువపత్రం ఉన్నా అమ్మకం కుదరదు, వారసత్వంగా వెళ్లొచ్చు. వందేళ్లు దాటిన కళావస్తువును దేశం దాటించే హక్కు కూడా సొంతదారుకు లేదు. బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి అమలవుతున్న దంతపు వ్యాపార నిషేధ చట్టంలో 1947కు ముందటి, పది శాతం లోపు దంతం ఉన్న వస్తువులకు మినహాయింపు ఉంది. బంధువులు అక్కడున్నవారు దీన్ని చూసి సంబరపడతారు. లెక్క వేసి చూడండి: 12 మి.మీ. చెక్క మీద 1.5 మి.మీ. తాపడం అంటే 13.5లో 1.5, అంటే 11 శాతం. పెట్టెలోని ఖాళీ చోటు లెక్కలోకి రాదు, వస్తువు చేసిన పదార్థమే లెక్క.

ఇంకొకటి: మరమ్మతుకు ముందు, తర్వాత ఫొటోలు తీసి, ఏ ముక్క దేనితో చేసిందో కాగితం రాసి పెట్టెలోనే ఉంచండి. రేపు తనిఖీకి వచ్చినవారికి కొత్త ముక్క కొత్త దంతంలా కనిపిస్తే తంటా.

గంధపుపెట్టె:
కొలిచాను. ఎడమమూల దండ 38 మి.మీ. తర్వాతి ఆరూ వరుసగా 44, 43, 44, 45, 44, 43. కుడివైపు మిగిలిన చోటు, తెగిన సగంతో కలిపి, 49. ఖాళీ అడుగున గోధుమరంగు జిగురు, ఒక చీల రంధ్రం ఉన్నాయి. దండల కొసల్లో ఐదుచోట్ల ముడి ఉంది, మూలకు దగ్గరి రెండుచోట్ల ఆకు.

మసిలక్క:
చూశారా. ముక్క ఉండేది, సరే, సందు కాదు. కానీ 38 ఉన్న ఎడమ దండను అద్దంలో తిప్పినట్టు 49 చోటులో పెడితే 11 మి.మీ. మిగులుతుంది. పనివాడు ఎడమ నుంచి మొదలుపెట్టి కుడికి వచ్చేసరికి చోటు మిగిలి అక్కడ ఏదో చేశాడు. దండ సాగదీశాడా, ఆకు వేశాడా, చిన్న పువ్వు ఇరికించాడా? అతని చేయి తెలిసేది సరిగ్గా అక్కడే. అది పోయింది. మనం చెక్కేది మన దండ అవుతుంది.

సానరాయి:
అంకెలు చూశాక కూడా ముక్క పెట్టాలనే అంటాను, కారణం వేరు. తెరిచి ఉన్న అంచు గుడ్డకు తగులుతుంది. తుడిచే ప్రతిసారీ పక్క పలక మూల లేస్తుంది, ఆ మూల ఇరిగితే మరో దండ పోతుంది. ముక్క రక్షణకు, నగిషీ కోసం కాదు. నగిషీ విషయంలో ఒక దారి: రెజిన్ ముక్క మీద ఉలి పెట్టకుండా, తెగిన దండ గీత ఏ వంపులో పోతోందో ఆ వంపును మాత్రం నీటిరంగుతో కొనసాగించి మూలకు ముందే ఆపేయడం. నాలుగడుగుల దూరంలో కంటికి తెంపు తెలియదు, చేతిలోకి తీసుకుంటే కొత్తది కొత్తదిగానే కనిపిస్తుంది.

అతుకు ఎపాక్సీతో కాదు. పాత చర్మపు జిగురు గానీ చేపజిగురు గానీ వాడాలి. జిగురు దంతానికి, చెక్కకు తగిలే చోట ముందు పలుచని జపాను కాగితం పొర వేస్తే రేపు తీయాలన్నప్పుడు కాగితం దగ్గర విడిపోతుంది. పక్క పలకతో వెంట్రుకంత ఖాళీ ఉంచాలి, వానాకాలం కోసం.

మసిలక్క:
ముక్కకు ఒప్పుకుంటా, గీతకు కాదు. నీటిరంగు గీత కూడా చూసేవాడికి "ఇలా ఉండేది" అనే చెబుతుంది. ఉత్త ముక్క పెట్టి ఒక ఛాయ తగ్గించి వదిలేస్తే చాలు.

అసలు ప్రమాదం మూల దగ్గర లేదు, రాలుతున్న నలుపు దగ్గర ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గీతల్లోది మసి కలిపిన లక్క. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, అమ్మోనియా, సబ్బుల్లాంటి క్షారాల్లోనూ కరుగుతుంది. దంతం తెల్లబడాలని స్పిరిట్ దూదితో తుడిస్తే నలుపు గీతలోంచి లేచి దంతపు రంధ్రాల్లోకి పోతుంది, తీయడం ఎవరి తరమూ కాదు. దుకాణంలో "స్పిరిట్" అడిగితే లక్క పాలిష్‌కు వాడేదే చేతిలో పెడతారు, అది దరిచేరనివ్వొద్దు. మినరల్ టర్పెంటైన్ అయితే లక్క జోలికి పోదు. దూది చుట్టిన సన్న పుల్లను అందులో ముంచి, పొడిగా పిండి, గీతల మధ్యనున్న మైదానం మాత్రమే తుడవాలి. నీళ్ల అవసరం పడితే పుల్లకు తడి తగిలీ తగలనట్టుండాలి, వెంటనే పొడి దూది. పలుచని దంతం ఒక పక్క తడిస్తే వంగుతుంది.

సానరాయి:
మరి రాలిన చోట కొత్త నలుపు? వేడి లక్క కడ్డీతో నింపితే పాతపని పద్ధతే కదా.

మసిలక్క:
పద్ధతి అదే, పర్యవసానం వేరు. పాత లక్క గట్టిపడి పోయింది, కొత్తదానిలా వేడికి మెత్తబడదు, పెళుసుగా పెచ్చులు లేస్తుంది. పైగా రెండూ లక్కే గనక రేపు కొత్తది తీయాలంటే పాతదీ పోతుంది. మసి కలిపిన మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే మైనం) వాడండి. చల్లగానే, చెక్క పుల్ల మొనతో గీతలో అద్ది, మిగిలింది మెత్తని గుడ్డతో తీయాలి. అది టర్పెంటైన్‌కు వస్తుంది, లక్క రాదు. ఏది ఎవరిదో ద్రావకమే విడదీస్తుంది.

కలశం:
మైనం దుమ్ము పడుతుంది. రెండు మూడేళ్లకు గీతలు బూడిదరంగు తిరుగుతాయి. గాజు మూత కింద ఉంచే పెట్టె కాకపోతే ఆ గీతలు తెల్లగా వదలడమే మేలు. ఇంకో మాట, మొదలుపెట్టే ముందు చీకటిగదిలో అతినీలలోహిత టార్చి వేసి మొత్తం చూడండి. దంతం నీలి తెలుపుగా వెలుగుతుంది. దాని మీద నారింజ రంగు మెరుపు పరుచుకుని కనిపిస్తే తర్వాత ఎవరో లక్క పాలిష్ పూశారని. అప్పుడు టర్పెంటైన్‌తో మురికి పోదు, స్పిరిట్‌తో గీతలు పోతాయి. ఆ పెట్టెను ఇంట్లో ముట్టుకోకుండా దంతం పని తెలిసిన కన్సర్వేటర్ (పాత కళావస్తువులను కాపాడే నిపుణుడు) దగ్గరికి తీసుకెళ్లాలి.

గంధపుపెట్టె:
టార్చి వేశాను. మూత పైభాగం నీలి తెలుపు. ముందు అంచు మాత్రం, ఖాళీ మూలతో సహా, నారింజ.

మసిలక్క:
ఖాళీలో కూడానా? అయితే ముక్క ఊడిన తర్వాత పూసిన పాలిష్ అది. ముక్క పని పక్కన పెట్టండి. పాలిష్ ఉన్న అంచు మీద ఏ జిగురూ దంతాన్ని పట్టదు, పాలిష్‌నే పడుతుంది. ముందు కన్సర్వేటర్, ఆ తర్వాతే మూల.